రెండు కిట్లు, ఒక కారు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో నేను ప్లాస్టిక్ కిట్ల భాగాలు అతికించి కట్టుకున్న బుల్లి మోడల్ కారు, 1949 మెర్క్యురీ ఫొటో వేశాం కదా. 1/25 స్కేలు, అంటే అసలు కారులో ఇరవై అయిదో వంతు, పైకప్పు కోసి కిందికి దించింది, బాడీ ఒక కిట్‌ది, ఛాసీ (అడుగు చట్రం), ఇంజిను 1955 షెవ్రొలే కిట్‌వి, చక్రాలు ఎక్కడివో నాకే గుర్తులేదు. దాని మీద వచ్చిన ఉత్తరాలన్నీ "ఎలా చేశారు" అని అడిగినవే, ఒక్కటి మాత్రం "ఎందుకు" అని అడిగింది. ముందు ఆవిడకి జవాబు చెప్పి తర్వాత మిగతావాళ్ల దగ్గరికి వస్తాను.

మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఒక్కో కారు కిట్టూ వేలల్లో ఉంటోంది. ఒకటి కొనడమే దండగ అని నేనంటుంటే, రెండు కొని, రెండింటినీ కోసి, ఒక్క కారు చేస్తానంటాడు. రెండోది పాడైపోయినట్టే కదండీ? – ఒక తల్లి, గుంటూరు

పాడవదమ్మా. మిగిలిన ఇడ్లీ పిండి మర్నాడు పునుగులవుతుందా లేదా? ఇదీ అంతే. రెండో కిట్‌లోంచి ఇంజిను, ఛాసీ తీసుకుంటే బంపర్లు, సీట్లు, స్టీరింగు, అద్దాలు అన్నీ మిగుళ్ల డబ్బాలోకి పోతాయి, అవి మూడో కారుకో నాలుగో కారుకో పనికొస్తాయి. నా డబ్బాలో పదేళ్ల నాటి సీట్లున్నాయి, ఏ కారు కడుతున్నా ముందు అందులో చెయ్యి పెట్టాకే కొత్తది కొనే ఆలోచన.

ఇది మీవాడికి కొత్తగా పట్టిన పిచ్చి కూడా కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్లో ఏఎమ్‌టీ అనే కంపెనీ ఉండేది, 1958లోనే 'త్రీ ఇన్ వన్' అని కిట్లు తెచ్చింది. ఒకే పెట్టెలో కారుని షోరూంలో ఉన్నట్టు కట్టుకోవడానికి, సోకులు చేసి కట్టుకోవడానికి, రేసు కారులా కట్టుకోవడానికి మూడు రకాలకీ భాగాలుండేవి. ఒక పెట్టెలోవి పక్క పెట్టెలోవాటితో కలపాలని పిల్లలకి ఒకరు చెప్పాలా? ఆ పనికి ఇప్పుడు కిట్‌బాషింగ్ అని పేరు. అసలు కార్లతో ఇదే పని లాస్ ఏంజెలెస్ వైపు జార్జ్ బారిస్, ఆయన అన్న శామ్ చేసేవాళ్లు. పైకప్పులు కోసి, అతుకుల్లో సీసం కరిగించి నింపేవాళ్లు, అందుకే ఆ కార్లకి లెడ్ స్లెడ్ అని పేరొచ్చింది.

మన దగ్గర అసలు కారుని అలా కోస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని గట్టిగానే చెప్పింది. జానెడు కారుకి ఆర్సీ చూపించమని ఎవరూ అడగరు. మీవాడు బండి సైలెన్సరు మార్చుకుని వీధివీధంతా నిద్ర చెడగొట్టడం కన్నా ఇది నయం కాదా చెప్పండి.

నా దగ్గర 1/24 టామియా కిట్ ఒకటి, 1/25 అమెరికన్ కిట్ ఒకటి ఉన్నాయి సార్. రెండూ కలపొచ్చా? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

ఏం కలుపుతున్నారన్నదాన్ని బట్టి. 15 అంగుళాల చక్రం 1/25లో 15.2 మిల్లీమీటర్లు, 1/24లో 15.9. ఆ మిల్లీమీటరు కూడా లేని తేడా మీ బావమరిది కళ్లజోడు పెట్టుకు చూసినా కనిపెట్టలేడు. చక్రాలు, సీట్లు, ఇంజిను, స్టీరింగు హాయిగా కలుపుకోండి. అదే అయిదు మీటర్ల కారు మొత్తం తీసుకుంటే 1/25లో 200 మిల్లీమీటర్లు, 1/24లో 208. అంటే ఒక స్కేలు బాడీకి ఇంకో స్కేలు తలుపులో బానెట్టో అతికించాలంటే కుదరదు. ఛాసీ కూడా కొలవకుండా దూర్చొద్దు.

అసలు చూడాల్సింది వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి దూరం. ఇక్కడ 1/25 స్కేలులో ఒక సుఖం ఉంది: అసలు కారు మీద ఒక అంగుళం మోడల్ మీద దాదాపు ఒక మిల్లీమీటరు. పాత అమెరికన్ కార్ల కొలతలన్నీ అంగుళాల్లోనే దొరుకుతాయి కాబట్టి కాలిక్యులేటర్ అక్కర్లేదు. 1949 మెర్క్యురీ వీల్‌బేస్ 118 అంగుళాలు, 1955 షెవ్రొలేది 115. కాబట్టి నా ఛాసీ మూడు మిల్లీమీటర్లు తక్కువ పడింది. దాన్ని మధ్యలో, తలుపుల కింద కమ్మీలు తిన్నగా పోయే చోట అడ్డంగా కోసి, మూడు మిల్లీమీటర్ల స్టైరీన్ (కిట్లు చేసే ప్లాస్టిక్కే) ముక్క పెట్టి అతికించాను. చక్రాల దగ్గర మాత్రం కొయ్యకండి, అక్కడ స్ప్రింగులు, యాక్సిల్ అన్నీ లైను తప్పుతాయి.

ఇంజిను పెట్టేముందు ఇంకో సంగతి. ఆ షెవ్రొలే వీ8కి, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజినుకి, స్పార్క్ ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటుంది, డ్యాష్‌బోర్డు ముందుండే గోడకి అదే ముందు తగులుతుంది. గోడలో చిన్న గుంట చెయ్యండి, లేదా ఇంజిను రెండు మిల్లీమీటర్లు ముందుకి జరిపి రేడియేటర్ దగ్గర చోటుందో లేదో చూసుకోండి. గమ్ ముట్టుకోకముందే ఇవన్నీ టేపుతో నిలబెట్టి, బానెట్టు మూసి చూడాలి. నాకు ఆ టేపు దశే మూడు వారాలు పట్టింది.

పైకప్పు కొయ్యడం ఎలాగో కాస్త వివరంగా రాయండి. ఒకసారి ప్రయత్నించాను, కోశాక పైముక్క కింది స్తంభాల మీద కూర్చోలేదు. – విజయవాడ పాఠకుడు

కూర్చోదు. మొదటిసారి కోసిన ప్రతివాడికీ ఇదే అనుభవం, నాకూ అంతే. కారు స్తంభాలు, అంటే అద్దాల పక్కన కప్పుని మోసేవి, తిన్నగా నిలబడవు, పైకి పోయే కొద్దీ లోపలికి వాలతాయి. ముందు అద్దం వెనక్కి వాలి ఉంటుంది, వెనక అద్దం ముందుకి. మధ్యలోంచి నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసేసి కప్పుని దించారనుకోండి, ఇరుకైన పైభాగం వెడల్పైన కింది భాగం మీదికి దిగుతుంది. బోర్లించిన గిన్నె నడుమున ఒక పట్టీ కోసేసి, పై ముక్కని కింది ముక్క మీద పెట్టి చూడండి, అంచులు కలవవు. 1949 మెర్క్యురీ లాంటి గుండ్రటి కారుకి ఇది మరీ ఎక్కువ.

అందుకని కప్పుని సాగదీయాలి. కప్పుని సగంలో అడ్డంగా కోసి, ముందు సగాన్ని ముందు స్తంభాల మీద సరిగ్గా కూర్చోబెట్టి, వెనక సగాన్ని వెనక కూర్చోబెడితే మధ్యలో సందు వస్తుంది. నాకు రెండున్నర మిల్లీమీటర్లు వచ్చింది. ఆ సందులో స్టైరీన్ పట్టీ పెట్టాలి. వెనక అద్దం ఉన్న భాగాన్ని మాత్రం ఎత్తు తగ్గించకండి, అద్దం చీలికలా అయిపోయి కారు నిద్రమొహంతో కనిపిస్తుంది. ఆ భాగాన్ని చుట్టూ కోసి విడిగా తీసి, కాస్త ముందుకి వాల్చి పెట్టండి, అసలు కార్ల మీద పనిచేసినవాళ్లూ అదే చేశారు.

ఇక కోత. నాలుగు అంగుళాలు దించాలంటే మోడల్ మీద నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న మాస్కింగ్ టేపు స్తంభాలన్నిటికీ ఒకే ఎత్తులో చుట్టండి, టేపు పై అంచు వెంట ఒక గీత, కింది అంచు వెంట ఒక గీత సూదితో గీసి, సన్న రంపంతో గీతకి లోపలివైపు కొయ్యండి. కొంచెం ఎక్కువ మిగిలితే వాటర్ పేపర్ మీద రుద్ది తగ్గించుకోవచ్చు, ఎక్కువ కోసేస్తే ఏం చేస్తారు? కరెంటు కట్టర్ వద్దు, ఆ వేడికి ప్లాస్టిక్ కరిగి బ్లేడు వెనకే మళ్లీ అతుక్కుంటుంది. నా మొదటి కారుకి ఎడమవైపు టేపు జారింది, ఒక్క మిల్లీమీటరు. తలపాగా ఒక పక్కకి ఒరిగినట్టు తయారైంది కప్పు, రెండు నెలల పాటు అది ఫొటో తీసిన కోణం తప్పని నన్ను నేను నమ్మించుకున్నాను. చివరికి మా ఆవిడ "అదేంటి, కారు పక్షవాతం వచ్చినట్టుంది" అంది.

అతికించడానికి పల్చటి ప్లాస్టిక్ సిమెంటు వాడండి. అది గమ్ కాదు, రెండు అంచుల్నీ కరిగించి కలిపేస్తుంది, అందుకే రెండు రోజులు ముట్టుకోకూడదు. లోపలివైపు ప్రతి అతుకు వెనకా ఒక సన్న స్టైరీన్ ముక్క వేస్తే తర్వాత చేత్తో నొక్కినా విరగదు. పైన సందులు పూడ్చడానికి నేను పుట్టీ కన్నా సూపర్ గ్లూలో టాల్కం పౌడరు కలిపి వాడతాను, పిల్లలకి రాసే పౌడరే. చకచకా గట్టిపడుతుంది, పుట్టీలాగా నెల తర్వాత కుంగదు. కాకపోతే గంటలోపే రుద్దెయ్యాలి. మర్నాటికి వదిలేస్తే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, మీరు రుద్దుతుంటే అది అలాగే ఉండి పక్కన గుంట పడుతుంది. తర్వాత ప్రైమర్, ఆరాక గోటితో తడమడం, తగిలిన చోట మళ్లీ పౌడరు, మళ్లీ ప్రైమర్. నాకు అయిదు సార్లు పట్టింది.

అద్దాలు కిట్‌లోవి ఇక పనికిరావు, పారదర్శక స్టైరీన్ కోస్తే ఫటుక్కున పగులుతుంది. చీర పెట్టెల మీద వచ్చే పల్చటి ప్లాస్టిక్ మూత కత్తిరించండి. తెల్ల జిగురుతో అంటించండి, ఆరితే కనపడదు. ఇక్కడ సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది, తుడిచినా పోదు. సీట్లు కూడా కింద రుద్ది తగ్గించుకోండి, కప్పు దిగింది కదా, లేకపోతే లోపల కూర్చున్నవాడి తల కప్పుకి కొట్టుకుంటుంది!

పెయింటు కొట్టగానే తెల్లగా మంచు పట్టినట్టు అయిపోయింది. స్ప్రే డబ్బా కల్తీదా? – విశాఖపట్నం

డబ్బాది కాదు, మీ సముద్రానిది తప్పు. లాకర్ పెయింటులోని థిన్నర్ వేగంగా ఆవిరైనప్పుడు ఆ ఉపరితలం చల్లబడుతుంది, గాల్లో తేమ దాని మీద చేరి పెయింటులో చిక్కుకుపోతుంది. ఆగస్టులో సాయంత్రం డాబా మీద కొడితే మరేమవుతుంది? ఎండ కాసే రోజు మధ్యాహ్నం పూట కొట్టండి. ఇప్పుడు పాడైనదానికి, ఆరబెట్టి, పొడి రోజు చూసి, నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్ పల్చగా ఒక్క వరస కొట్టి చూడండి, చాలాసార్లు తెలుపు విరుగుతుంది. విరక్కపోతే రుద్ది మళ్లీ కొట్టడమే.

కార్ల టచప్ స్ప్రేలు వాడేవాళ్లకి ఒక మాట: కొన్నిటి థిన్నర్ స్టైరీన్‌ని తినేస్తుంది. ఇదివరకు ప్లాస్టిక్ స్పూన్ మీద కొట్టి చూసేవాళ్లం, 2022 జూలై నుంచి అవి నిషేధం. కిట్‌లో భాగాలు విరిచాక మిగిలే చట్రం ఉంటుంది కదా, దాని మీద కొట్టి చూసుకోండి. ఎర్ర ప్లాస్టిక్ బాడీ మీద తెలుపు కొట్టేవాళ్లు కింద ఒక వరస సిల్వర్ వెయ్యండి, లేకపోతే నెమ్మదిగా గులాబీ రంగు పైకొస్తుంది. కరోనాకి వాడిన గుడ్డ మాస్కు ఈ ఆవిర్లని ఆపదు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్నది కొనుక్కోండి.

మా నాన్నగారికి అంబాసిడర్ ఉండేది. ఒక ప్లాస్టిక్ బొమ్మ అంబాసిడర్ దొరికింది. దానికి 1/24 కిట్ చక్రాలు, వీ8 ఇంజిను పెట్టి ఆయనకి ఇద్దామనుకుంటున్నా. – వరంగల్

మంచి ఆలోచన తమ్ముడూ, కానీ మీరు ఉత్తరంలో బొమ్మ వీల్‌బేస్ 77 మిల్లీమీటర్లని రాశారు. అసలు అంబాసిడర్‌ది 2464. భాగించండి, సరిగ్గా 32 వస్తుంది. అంటే మీ బొమ్మ 1/32. దానికి 1/24 చక్రాలు పెడితే బుడ్డోడికి తాతగారి చెప్పులు తొడిగినట్టుంటుంది. 15 అంగుళాల చక్రం 1/32లో 12 మిల్లీమీటర్లే. ఇంజిను కూడా 1/32 కిట్‌ది వెతకండి.

బొమ్మ ప్లాస్టిక్ స్టైరీన్ కాకపోవచ్చు. లోపల కనపడని చోట ఒక చుక్క సిమెంటు వేసి చూడండి, జిగటగా మారితే సరే. మారకపోతే ఎపాక్సీ వాడి, అతుకు దగ్గర గుండుసూది ముక్క దూర్చండి. నాన్నగారి బండి నంబరు చిన్న అక్షరాల్లో ప్రింటు తీసి అంటించడం మర్చిపోకండి, ఆయన ఇంజిను చూడరు, నంబరే చూస్తారు.

స్పార్క్ ప్లగ్ వైర్లు దేంతో వేశారు? ఏది ఎక్కడికి పోవాలి? – ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు

అసలు వైరు ఏడెనిమిది మిల్లీమీటర్లుంటుంది, కాబట్టి 1/25లో 0.3. పాడైన ఇయర్‌ఫోన్ వైరు ఒలిచి లోపలి సన్నటి వైరు తీసుకున్నా. షెవ్రొలే చిన్న వీ8 ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2, ముందు నుంచి చూసుకుంటూ డ్రైవరు వైపు (అమెరికా కారు కాబట్టి ఎడమవైపు) 1, 3, 5, 7, అవతలి వైపు 2, 4, 6, 8. మెర్క్యురీ సొంత ఫ్లాట్‌హెడ్ ఇంజిను వాడితే వరస వేరు, 1-5-4-8-6-3-7-2. మీరున్న ఊళ్లో పాత కార్ల ప్రదర్శనలకి వచ్చే పెద్దాయనలు బానెట్టు ఎత్తి మొదట చూసేది ఇదే. నావి రెండు వైర్లు తారుమారయ్యాయి, ఫొటోలో కనపడకుండా ఎయిర్ ఫిల్టరు అడ్డం పెట్టాను.