పైపు ఆరిపోతే ఆరిపోనివ్వండి
(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పైపు గురించే. ఈ జవాబులు ఇప్పటికే పొగ తాగుతున్న పెద్దవాళ్ల కోసం రాసినవి. పొగ అలవాటు లేనివాళ్లు పైపుతో మొదలుపెట్టవద్దు. తక్కువ తాగితే ప్రమాదం తగ్గుతుందేమో కానీ, ఏ ప్రమాదమూ లేని మోతాదంటూ లేదు. పొగను గుండెల్లోకి పీల్చకపోయినా పైపు వల్ల నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు వస్తాయి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రోజుకు 15 సిగరెట్లు కాలుస్తాను. అవి మానేసి, వారానికి ఒక్క పైపుతో తృప్తిపడే మనిషిగా మారాలని ఉంది. పైపు పట్టుకుంటే సిగరెట్టు తనంతట తనే పోతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పోదు. పైపు సిగరెట్టుకు విరుగుడు కాదు. కారణం పొగలోనే ఉంది. సిగరెట్టులో ఎక్కువగా వాడేది బ్యారన్‌లో (పొగాకు ఆరబెట్టే గదిలో) వేడిగాలికి ఆరబెట్టిన వర్జీనియా ఆకు. దాని పొగ కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. నోట్లో ఉంచుకున్నంత మాత్రాన నికోటిన్ పెద్దగా ఒంటికి పట్టదు, గుండెల్లోకి లాగాల్సిందే. పైపు పొగాకుల్లో, ముఖ్యంగా నీడన ఆరబెట్టిన బర్లీ ఆకు ఎక్కువగా ఉన్నవాటిలో, పొగ క్షారగుణం వైపు ఉంటుంది. నికోటిన్ నోటి లోపలి పొర నుంచే రక్తంలో కలుస్తుంది. అందుకే పైపు పొగను నోట్లోనే తిప్పి వదిలేస్తారు. ఏళ్ల తరబడి సిగరెట్టు దమ్ము లాగిన మనిషి మాత్రం తనకు తెలియకుండానే పైపు పొగనూ గుండెల్లోకి లాగుతాడు. ఆ ఘాటైన పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం తగ్గుతుందని చెప్పలేం.

అందుకని ముందు సిగరెట్టు సున్నాకు రావాలి. మానేసిన మొదటి వారం అన్నిటికన్నా కష్టం. మూడు నాలుగు వారాలకు చిరాకు, నిద్రలేమి చాలావరకు సర్దుకుంటాయి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించేవాళ్లకు సాధారణంగా 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. డాక్టరును అడిగి వాడండి. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. నోరు చురుక్కుమనేదాకా నెమ్మదిగా నమిలి బుగ్గలో దాచి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. గమ్ వేసుకోవడానికి ముందు పావుగంటలోపు కాఫీ, పుల్లటి రసాలు తాగితే మందు సరిగా పట్టదు. మాట సాయం కావాలంటే 1800-112-356 అన్న జాతీయ క్విట్‌లైన్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఏ పొగా లేకుండా కనీసం మూడు నెలలు గడపండి. అప్పటికి పైపు మీద కోరిక పోతే అంతకన్నా మేలు లేదు. అప్పటికీ కావాలనిపిస్తే రోజు, వేళ ముందే ఖాయం చేసుకోండి, ఉదాహరణకు ఆదివారం భోజనమయ్యాక. చిన్న గిన్నె ఉన్న పైపు కొనండి. లోపలి వెడల్పు 16, 17 మిల్లీమీటర్లు, లోతు 28 మిల్లీమీటర్ల దాకా ఉంటే దాదాపు ఒక గ్రాము పొగాకు పడుతుంది. ఆ గ్రాము అయిపోతే ఆ వారానికి అంతే. కోపంలో, తొందరలో, ఫోన్ మాట్లాడుతూ వెలిగించకండి. బుధవారానికే ఆదివారం గుర్తొస్తోందంటే అది పైపు మీద ఇష్టం కాదు, నికోటిన్ పిలుపు. మధ్యలో ఒక్క సిగరెట్టు వెలిగినా రెండూ ఆపేయండి.

ప్రశ్న: పైపు నింపడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. పది నిమిషాలకే నాలుక మండుతుంది, పైపు గురగురమంటుంది. ఊరుకుంటే ఆరిపోతుంది, గట్టిగా లాగితే ఇంకా మండుతుంది. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మూడింటికీ మూలం తడి, తొందర. డబ్బాలోంచి తీసిన పొగాకు చాలాసార్లు కావాల్సినదానికన్నా తడిగా ఉంటుంది. తడి ఆకు సరిగా కాలదు, ఆరిపోతుంది. ఆరకూడదని మీరు గట్టిగా లాగుతారు. ఆ వేడికి ఆకులోని నీరు ఆవిరై నాలుకను కాలుస్తుంది. అదే ఆవిరి కాడలో (గిన్నెకు కలిసి ఉండే గొట్టంలో) చల్లబడి నీరై గురగురమంటుంది.

ఒక గిన్నెకు సరిపడా పొగాకు తీసి కాగితం మీద పలచగా పరచండి. వేసవిలో పావుగంట చాలు. వానాకాలంలో మీ కాకినాడ గాలికి గంటయినా పట్టవచ్చు. వేళ్ల మధ్య నొక్కి వదిలితే ముద్దగా ఉండిపోకుండా మెల్లగా విచ్చుకోవాలి. కరకరమంటే ఎక్కువ ఆరిందని లెక్క. అప్పుడు మరీ వేగంగా, వేడిగా కాలుతుంది.

ఇక నింపడం. మొదట పొగాకును అంచుదాకా వదులుగా రాల్చి, వేలితో సగానికి తేలిగ్గా దించండి. మళ్లీ అంచుదాకా పోసి, కాస్త బలంగా మూడొంతుల దగ్గరికి దించండి. మూడోసారి కుప్పగా పోసి, అంచుకు కాస్త కిందిదాకా గట్టిగా నొక్కండి. పాత పైపువాళ్లు మొదటిసారి పసిపిల్లవాడి చేయి, తర్వాత ఆడమనిషి చేయి, చివరకు మగవాడి చేయి అని గుర్తుపెట్టుకునేవారు. వెలిగించకుండానే ఒకసారి పీల్చి చూడండి. కొబ్బరిబొండంలో స్ట్రా వేసి నీళ్లు తాగినంత తేలిగ్గా గాలి రావాలి. స్ట్రాకు లేత గుజ్జు అడ్డం పడ్డట్టుంటే మొత్తం దులిపేసి మళ్లీ నింపాల్సిందే. పుల్లతో పొడిచి దారి చేస్తే ఆ దారి వెంటే నిప్పు దిగి, గిన్నె గోడ ఒకవైపు మాడుతుంది.

అగ్గిపుల్ల గీశాక తలమందు కాలిపోయేదాకా రెండు క్షణాలు ఆగండి. మంటను పొగాకు మీద గుండ్రంగా తిప్పుతూ చిన్నచిన్నగా లాగండి. పైపొర ఉబికి నల్లబడుతుంది. టాంపర్‌తో (చదునైన తల ఉన్న పెద్ద మేకైనా సరే) దాని బరువు మాత్రమే పడేలా ఒత్తి, రెండోసారి వెలిగించండి. అసలు వెలిగింపు ఇదే. జెట్ లైటర్ వాడితే అంచు మాడిపోతుంది.

తర్వాత నిమిషానికి రెండు మూడు చిన్న గుక్కలు చాలు. వేడి టీని పెదవితో అందుకున్నట్టు ఉండాలి. గిన్నెను చెంపకు ఆనించి చూడండి. ఆనించి ఉంచలేకపోతున్నారంటే వేగం ఎక్కువైంది, పైపును కింద పెట్టేయండి. ఆరిపోతే ఆరిపోనివ్వండి. ఒక గిన్నెకు నాలుగైదుసార్లు మళ్లీ వెలిగించడం కొత్తవాళ్లకే కాదు, అనుభవం ఉన్నవాళ్లకూ మామూలే. ఆరకుండా చూసుకోవడమే నేర్పు అనుకున్నంతకాలం నాలుక మండుతూనే ఉంటుంది. గురగుర వినిపిస్తే పైపు క్లీనర్‌ను (నూలు చుట్టిన సన్నని తీగను) స్టెమ్‌లోంచి, అంటే నోట్లో పెట్టుకునే భాగంలోంచి, గిన్నె అడుగుదాకా పోనిచ్చి తడి తీసేయండి. అడుగున తడిసి మిగిలిన ఆకును తాగాలని పట్టుబట్టకండి, పారేయండి.

ప్రశ్న: మొదటి పైపు ఏది కొనాలి? శుభ్రం చేయడం ఎలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొక్కజొన్న బెండుతో చేసిన కాబ్ పైపు కొనండి. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో 1869 నుంచీ వీటిని తయారు చేస్తున్నారు. చవక, తడి పీల్చుకుంటుంది. కొన్నిటిలో చెక్క కాడ గిన్నెలోకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి మొదట్లో కాస్త చెక్క మాడిన రుచి వస్తుంది, తర్వాత పోతుంది.

బ్రయర్ పైపును మధ్యధరా తీరాల్లో పెరిగే ఒక పొద వేరుబుడిపెతో చేస్తారు. వేడికి బాగా తట్టుకుంటుంది. కొత్త బ్రయర్‌లో మొదటి కొన్నిసార్లు సగం గిన్నె మాత్రమే నింపండి. లోపలి గోడకు పట్టే బొగ్గుపొర కవచంలా పనిచేస్తుంది కానీ, అది ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు మించకూడదు. మందమైతే వేడికి పొర, చెక్క వేర్వేరుగా వ్యాకోచించి గిన్నె పగులుతుంది. తాగిన బ్రయర్ పైపుకు కనీసం ఒకరోజు విశ్రాంతి ఇవ్వండి. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతపు తెల్లటి ఖనిజంతో చేసే మీర్షామ్ పైపు అందమైనదే కానీ చేయి జారితే ముక్కలే. కొత్తవాళ్లకు వద్దు.

పైపు వేడిగా ఉండగా స్టెమ్ ఊడదీయకండి, కాడ పగలడానికి సాధారణ కారణం అదే. తాగిన ప్రతిసారీ క్లీనర్ పెట్టండి. అప్పుడప్పుడు క్లీనర్‌ను కాస్త రమ్ములోనో వోడ్కాలోనో ముంచి బ్రయర్ కాడను శుభ్రం చేయండి. శానిటైజర్, మిథైలేటెడ్ స్పిరిట్ మాత్రం నోట్లో పెట్టుకునే వస్తువుకు తగలనివ్వకండి.

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా, ఇంట్లో వర్జీనియా పండిస్తాం. ఆ ఆకునే నలిపి పైపులో వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. బ్యారన్ నుంచి దించిన ఆకు ఇంకా పచ్చి ఘాటుతోనే ఉంటుంది. పైపు పొగాకును నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మాగబెట్టి, ఒత్తి, రకాలు కలిపి చేస్తారు. గోదావరి లంకల చుట్టాకు ఇంకా బలమైనది. ఖాళీ కడుపుతో దాన్ని పైపులో వేస్తే చెమట, వికారం, కళ్లు తిరగడం ఖాయం. ఏ పొగాకుతోనైనా అలా అనిపించిన వెంటనే పైపు పక్కన పెట్టి కూర్చోండి, ఏదైనా తీపి తినండి, నీళ్లు తాగండి. వాంతులు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా నాన్నమ్మ చిన్నప్పటి నుంచీ అడ్డపొగ తాగుతుంది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మానమంటే వినదు. పైపు ఇప్పిస్తే నయమా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: పైపుతో నయం కాదు, దానివల్లా నోటి క్యాన్సర్ వస్తుంది. ముందు ఆవిడ అంగిలి చూపించాలి. అడ్డపొగలో నిప్పు వేడి, పొగ నేరుగా పై అంగిలికే తగులుతాయి. తెల్లబారిన మచ్చ, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఎర్రగా చర్మం లేచిన చోటు, రెండు వారాలైనా మానని పుండు, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. నొప్పి లేదు కదా అని ఆవిడ అంటే నమ్మి ఊరుకోకండి, మొదట్లో నొప్పి ఉండదు. దగ్గర్లోని దంతవైద్య కళాశాలకో ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగానికో తీసుకెళ్లి, ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని చుట్టలు అడ్డపొగ తాగుతోందో డాక్టరుకు విడమరచి చెప్పండి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంటే ఒప్పించండి. కట్టుడు పళ్లు ఉంటే తీసి చూడమని కూడా గుర్తుచేయండి.