కాగితం వెనకవైపు కూడా చూడు పాపా

పాపా,

రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. నువ్వు యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లోని పాత కాగితాలు, ఫొటోలు తీసుకుని వచ్చే నెల నది పక్క ఊళ్ళకు పోతున్నావట, స్కూలు వరండాలో పెట్టి జనానికి చూపిస్తావట, వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నవి కూడా అక్కడికక్కడే స్కాన్ చేసి ఇచ్చేస్తావట. ఎంత సంతోషమైందో చెప్పలేను. మన ఇంట్లో నా తర్వాత ఈ దుమ్ము పని ఎవరూ ముట్టుకోరనుకున్నా. కానీ మొదటి ఊరి పేరు చెప్పేసరికి నాకు నిద్ర పట్టలేదు. మీ పెద్దమ్మ రెండుసార్లు లేచి బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది. వేసుకున్నాను. బీపీ కాదు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. ఎవరి ఫొటో తీసుకున్నా రసీదు రాసివ్వు, సాయంత్రానికల్లా తిరిగి వాళ్ళ చేతిలో పెట్టు. పాత కాగితాలకు లామినేషన్ చేయించుకోమని ఎవరికీ చెప్పకు, సెల్లోటేప్ అసలే వద్దు. కరెంటు ఉంటుందని నమ్మకు. పాత రెవెన్యూ లెక్కల్లో రాసే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని నీకు తెలుసులే, నీతో వచ్చే పిల్లలకు చెప్పు. అక్షరాలన్నీ కలిపేసి రాసే ఆ పాత గొలుసుకట్టు రాత చదవగలిగే ముసలాయన ఊళ్ళో ఒక్కడు మిగిలి ఉన్నా చాలు, కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ తెప్పించు, నీ స్కానర్ కంటే ఆయన ముఖ్యం.

ఊళ్ళకు పోయి ఊళ్ళ కథ అడగడం మనం కనిపెట్టిందేమీ కాదు. కంపెనీ సర్వేయర్ మెకంజీ దొర మనుషులు, కావలి సోదరులు, రెండు వందల ఏళ్ళ కిందటే ఈ సీమంతా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నెత్తిన వేసుకున్నాడు. మెకంజీ 1821లో పోయాక ఆ కాగితాలు పురుగుల పాలవుతుంటే బ్రౌన్ దొర వాటికి నకళ్ళు రాయించాడు. అదే బ్రౌన్ బంగళా ఉన్న చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల కడపలో గ్రంథాలయం లేచింది, ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కైఫీయత్తులు చదువుతూ అన్నం మర్చిపోయేవాణ్ణి. ఎవరు చెరువు తవ్వించారు, ఎవరికి మాన్యం ఇచ్చారు, ఏ పాళెగాడు ఏ ఊరు దోచుకున్నాడు, అంతా ఉంటుంది. చాలా ఏళ్ళు చదివాక గాని నాకు ఒకటి తట్టలేదు. ఇవన్నీ ఎవరు చెప్పారు? కరణాలు, ఊరి పెద్దలు. ఆ చెరువు మట్టి మోసినవాణ్ణి ఎవరూ పిలిచి అడిగినట్టు కనపడదు. ఇది ఇప్పుడెందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

శ్రీశైలం డ్యాం నీళ్ళు 1981లో ఊళ్ళ మీదికి వచ్చాయి కదా, ఆ జనం దగ్గరికి పోతే ఓపిక పట్టు. ఎండాకాలంలో ఆ నీళ్ళలో మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు ఒకసారి పోయాను. ఒక ముసలామె బురదలో నడుచుకుంటూ పోయి నాలుగు రాళ్ళ దగ్గర నిలబడి, ఇది మా వంటిల్లు అని చూపించింది. నేను నోట్‌బుక్ తీశాను. ఆమె నా వైపు చూసి, రాసుకుందువుగానీ ముందు ఈ చెనిక్కాయలు తిను నాయనా అంది. అట్లాంటి వాళ్ళ దగ్గర నీ ఫారం, నీ సంతకాలు వెంటనే బయటికి తీయకు. తిను ముందు.

సరే, అసలు సంగతి.

1984 జనవరిలో గ్రామాధికారుల ఉద్యోగాలు రద్దు చేశారు. తర్వాత కొన్నాళ్ళకు, నువ్వు పోతున్న ఆ ఊళ్ళోనే ఒక కరణం ఇంట్లో కట్టలు కట్టలు కాగితాలు పొయ్యిలోకి పోతున్నాయని తెలిసి జీపులో పోయి మూడు గోనె సంచులు తెచ్చాం. నేను హీరోలా ఫీలయ్యాను, అబద్ధం ఎందుకు. 1991లో అవే కాగితాలతో ఆ ఊరి స్కూల్లోనే ఎగ్జిబిషన్ పెట్టాం. ఊరి చరిత్ర ఆ ఊరివాళ్ళకే చూపిస్తున్నామని నా ఆనందం. థర్మోకోల్ అట్టల మీద కాగితాలు అతికించింది నేనే, అదీ ఫెవికాల్‌తో. ఇప్పుడు నువ్వు తిట్టుకుంటావని తెలుసు, తిట్టుకో, కానీ నేను చెప్పే తప్పు ఫెవికాల్ కాదు.

వాటిలో ఒక జీతపు పత్రం ఉంది. జీతమంటే నెల జీతం కాదు పాపా, అప్పు కింద మనిషి పోయి ఆసామి ఇంట్లో పని చేయడం. ఫసలీ 1339. నూట ఇరవై రూపాయలు తీసుకుని, అది తీరేదాకా మీ ఇంట సేద్యం చేసి పడి ఉంటానని రాసి, కింద వేలిముద్ర. పేరు, పేరు ముందు కులం, ఆ రోజుల్లో రాసే పద్ధతిలోనే. ఇట్లాంటివి దొరకడం అరుదు. నేను దాన్ని మధ్యలో, అందరి కంటికీ ఆనేట్టు పెట్టాను.

మధ్యాహ్నం ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆర్టీసీలో కండక్టర్, యూనిఫాం మీదే ఉన్నాడు. ఆ పిల్లకు పదకొండు పన్నెండేళ్ళు ఉంటాయి. గొలుసుకట్టు చదవలేరని ప్రతి కాగితం కింద మామూలు అక్షరాల్లో రాసి పెట్టాను కదా, నేనే ఆ పిల్లను పిలిచి, అమ్మా గట్టిగా చదువు, అందరూ వింటారు అన్నాను. చక్కగా చదివింది. కులం పేరు చదివింది, పేరు చదివింది, అక్కడ ఆగి నాయన వైపు చూసింది. వెనక నుంచి ఎవరో నవ్వారు. ఎవరి ఇంటివాళ్ళు నవ్వి ఉంటారో నీకు చెప్పక్కర్లేదు.

ఆయన కోప్పడలేదు. దగ్గరికి వచ్చి మెల్లగా, ఇది మా అబ్బది, మా తాతది సార్, కానీ ఆ బాకీ తీర్చేశాడని మా జేజి చెప్పేది అన్నాడు. నేనేమన్నానో తెలుసా? కాగితంలో అట్లా ఏమీ లేదే అన్నాను. ఆ మాట అన్న గొంతు కూడా నాకు గుర్తుంది, పెద్ద పండితుడిలాగా. పోనీ సార్, ఈ కాగితం మాకిస్తారా అన్నాడు. ఇవ్వడానికి వీల్లేదు, యూనివర్సిటీ ఆస్తి అన్నాను. జిరాక్స్? అర్జీ పెట్టుకోండి అన్నాను. పాపా, రోడ్డు అవతలే జిరాక్స్ షాపు ఉంది. ఆయన తల ఊపి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం నేను ఆ అట్టను కూడా మిగతావాటితో కట్టి జీపులో వేశాను.

2003లో సామాను కొత్త బిల్డింగ్‌కు మారుస్తుంటే ఆ థర్మోకోల్ విరిగింది. బంక ఎండిపోయి కాగితం ఊడి వచ్చింది. వెనకవైపు రాత ఉంది. రెండు గొర్రెలు ముట్టినవి, నాలుగు మూటల చెనిక్కాయ ముట్టినది, ఇట్లా నాలుగేళ్ళ జమలు, చివర్న పూర్తిగా ముట్టినది, ఈ పత్రం చెల్లు అని. తీరిన పత్రాన్ని చింపి ఆ మనిషి చేతిలో పెట్టాలి, ఎందుకో కరణం కట్టలోనే ఉండిపోయింది. ఆ జేజి చెప్పిందే నిజం. నేను కాగితాన్ని ఒక్కసారి తిప్పి చూసి ఉంటే చాలు.

మర్నాడు డిపోకు పోయి అడిగాను. రిటైరయ్యాడు అన్నారు. అంతటితో ఊరుకున్నా. ఊరికి పోయి వెతకొచ్చు, గంటన్నర దారి. సిగ్గు. ఇరవై ఏళ్ళకు పైగా సిగ్గుతోనే కూర్చున్నా.

నువ్వు నాకంటే తెలివైనదానివి, కాదన్ను. కానీ మీ నాయన తొందర నీకూ వచ్చింది. చిన్నప్పుడు ఓళిగ చల్లారనిచ్చేదానివి కాదు, నోరు కాల్చుకునేదానివి, నేను విసనకర్ర పట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ స్కాన్లు ఆన్‌లైన్‌లో కూడా పెడతామంటున్నావట. నా రోజుల్లో నవ్వింది వరండాలో ఉన్న పదిమంది. ఆన్‌లైన్‌లో పెడితే ఆ పేరు ఆ ఇంటి పిల్లల పెళ్ళి సంబంధాల దాకా పోతుంది. కాబట్టి అప్పు పత్రం, జీతపు పత్రం, పంచాయితీ తీర్పు, కులం తప్పు కాగితం, ఇట్లాంటివి ఊరికి చూపించే ముందు ఆ ఇంటికి చూపించు. వద్దంటే తీసెయ్యి. అరుదైనదని నీ ప్రాణం కొట్టుకుంటుంది, కొట్టుకోనీ. ఇట్లా అయితే అన్నీ దాచేస్తే చరిత్ర ఎట్లా తెలుస్తుంది పెద్దనాయనా అంటావు. నిజమే, దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. కొన్ని ఇళ్ళవాళ్ళు తప్పకుండా పెట్టండి, నవ్వినోళ్ళు కూడా చదవాలి అంటారేమో. అది వాళ్ళు చెప్పాలి గానీ నువ్వో నేనో కాదు.

ఇక నీకో పని. ఆ కాగితం ఇప్పటికీ ఆర్కైవ్స్‌లోనే ఉంటుంది. విడిగా ఒక కవర్లో పెట్టి, దాని మీద పెన్సిల్‌తో 'వెనక చూడండి' అని రాశాను, నా చేతిరాత నువ్వు గుర్తుపడతావు. వెతికి తియ్యి. ఎగ్జిబిషన్‌కు ముందు రోజే ఆ ఇల్లు కనుక్కుని పోదాం. నేనూ వస్తా. వద్దని మీ నాయనతో చెప్పించకు, మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా, బస్సులో ముందు సీటు దొరికితే చాలు. ఆయన ఉన్నాడో లేడో, ఆ పిల్లకైతే ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. అసలు కాగితం వాళ్ళకు ఇచ్చే దారి ఏదైనా ఉందేమో మీ పైవాళ్ళను అడిగి చూడు. అంతలోపు రెండు వైపులా జిరాక్స్ తీయించి ఉంచు, ఒకటి కాదు, నాలుగైదు. ఆయనకు అన్నదమ్ములు ఎంతమందో నేను అప్పుడు అడగలేదు.

మీ పెద్దనాయన