మెయిల్‌లో రంగు పోయి [31ఎమ్ మిగిలితే

ప్రశ్న: డిస్క్ వాడకం చూపే నా షెల్ స్క్రిప్ట్‌లో 90 శాతం దాటిన లైన్లు టెర్మినల్‌లో ఎర్రగా వస్తాయి. మెయిల్ చేస్తే రంగు ఉండదు, లైన్ ముందు [31ఎమ్ అని పడుతోంది. ఏం చేయాలి?

జవాబు: ఆ [31ఎమ్ టెర్మినల్‌కి ఇచ్చే ఆజ్ఞ. దాని ముందు కంటికి కనబడని ఎస్కేప్ అక్షరం (27వ నంబరు) ఉంటుంది. మెయిల్ ప్రోగ్రాంకి ఆ భాష తెలియదు, దానికి హెచ్‌టీఎమ్‌ఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) కావాలి.

మెయిల్ హెడర్లలో కంటెంట్-టైప్‌ని టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్ అని పెట్టండి. హెడర్లయ్యాక ఒక ఖాళీ లైన్ తప్పనిసరి. అవుట్‌పుట్ మొత్తాన్ని ప్రీ ట్యాగ్‌లో ఉంచండి, లేకపోతే కాలమ్‌లన్నీ కలిసిపోతాయి. రంగుని స్పాన్ ట్యాగ్‌లోనే స్టైల్‌గా రాయండి. విడిగా రాసే స్టైల్ భాగాన్ని కొన్ని మెయిల్ ప్రోగ్రాంలు తీసేస్తాయి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ: ట్యాగ్‌లు చేర్చకముందే సెడ్‌తో (టెక్స్ట్‌ని మార్చే కమాండ్) &, <, > గుర్తులను &, <, > గా మార్చాలి. అందులోనూ & ముందు. < ముందు మారిస్తే, అప్పుడు వచ్చిన <లోని &ని సెడ్ మళ్లీ మార్చేస్తుంది.

ఇదంతా చేత్తో రాయడం ఇష్టం లేకపోతే ఆహా అనే చిన్న టూల్ టెర్మినల్ రంగులను నేరుగా హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మారుస్తుంది. అయితే ఎల్‌ఎస్, గ్రెప్ లాంటివాటికి కలర్ ఆప్షన్ "ఆటో"లో ఉంటే పైపులోకి (అవుట్‌పుట్‌ని ఇంకో కమాండ్‌కి పంపే దారి) రంగు పంపవు. "ఆల్వేస్" అని ఇవ్వండి.