ఎక్స్ ఫైల్స్‌లో ఏ ఫైలు ముందు తియ్యాలి?

పోయిన సంచికలో మాటవరసకి ఓ ముక్క అన్నాను, పెళ్ళయి మెడ్రాసు వచ్చిన కొత్తలో మా అత్తయ్యా నేనూ రాత్రిళ్ళు కూర్చుని టీవీలో ‘ఎక్స్ ఫైల్స్’ సీరియల్ చూసేవాళ్ళమని. అంతే, ఈ నెల వంటల గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు, అన్నీ దెయ్యాల ప్రశ్నలే. సరే, ఈసారికి పులుసు పక్కన పెడదాం.

అక్కా, నేను ఉండేది పెరంబూర్, ఆఫీసు తరమణిలో, ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతుంది. మా తమ్ముడు ఎక్స్ ఫైల్స్ చూడు చూడు అని ప్రాణం తీస్తున్నాడు. తీరా చూస్తే 11 సీజన్లు, 218 ఎపిసోడ్లు! ముందూ వెనకా తెలియకపోయినా విడిగా చూసేవి ఉంటే చెప్పండి. — పెరంబూర్ పాఠకురాలు

ఉన్నాయమ్మా, అసలు సగానికి పైగా అవే. ఈ సీరియల్ 1993 సెప్టెంబర్‌లో అమెరికాలో మొదలైంది, తీసినాయన క్రిస్ కార్టర్. ముల్డర్ అని ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు, ఎవరికీ అంతుపట్టని కేసులన్నీ బేస్‌మెంటులో ముందేసుకుని కూర్చుంటాడు, వీడి మీద ఓ కన్నేసి ఉంచమని స్కల్లీ అనే డాక్టరమ్మని పంపుతారు. కథలు రెండు రకాలు. ఒకటి గ్రహాంతరవాసులు, ప్రభుత్వం కుట్ర, చిన్నప్పుడు మాయమైపోయిన ముల్డర్ చెల్లెలు, సిగరెట్ కాల్చుకుంటూ మూల నిలబడే ముసలాయన, ఇదంతా ఏళ్ళ తరబడి సాగే పెద్ద కథ. దాని జోలికి ఇప్పుడే పోకు. మొదట్లో బాగానే ఉంటుంది, పోను పోను ఒక ముడి విప్పడానికి ఇంకో మూడు ముడులు వేస్తారు, మన డైలీ సీరియల్లో చచ్చిపోయిన మొగుడు మొహం మార్చుకుని తిరిగొచ్చినట్టే. రెండో రకం వారానికో వింత కేసు, ఆ వారంలోనే అయిపోతుంది, వాటినే మాన్‌స్టర్ ఆఫ్ ది వీక్ అంటారు. నీకు కావలసింది ఇవి.

ముందు ‘స్క్వీజ్’ చూడు, మొదటి సీజన్ మూడోది. ఈ రెండో రకానికి శ్రీకారం అదే. బాల్టిమోర్‌లో తలుపులు కిటికీలు అన్నీ వేసున్న గదుల్లో మనుషులు చస్తుంటారు, కాలేయం మాయం. చేసేవాడు యూజీన్ టూమ్స్ అని ఒకడు, సన్నగా, అమాయకంగా ఉంటాడు, కానీ ఒళ్ళు సాగదీసుకుని ఏసీ గొట్టాల్లోంచి కూడా దూరిపోతాడు. ముప్ఫై ఏళ్ళకోసారి నిద్రలేచి అయిదు కాలేయాలు తిని మళ్ళీ పడుకుంటాడు, 1903, 1933, 1963, ఇప్పుడు 93. మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, నేను చెప్పేలోపే ఆవిడ చెప్పేసింది, “ఏందే వాడు, బల్లి మాదిరిగా ఉండాడు, ఆ కన్నంలోంచే వస్తాడు చూడు” అని. వచ్చాడు. ఆ రాత్రి మా బాత్రూం వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టించింది.

నేను ఎపిసోడ్ మంచిదో కాదో తేల్చుకునేది చివరి నిమిషం చూసి. వాణ్ణి పట్టుకుంటారు, సెల్‌లో పెడతారు, కేసు క్లోజ్. అప్పుడు అన్నం ప్లేటు లోపలికి తోసే సన్నటి కంత వైపు వాడు చూసి నవ్వుతాడు. అంతే. దొంగ దొరికాడు గానీ ఫైలు మూయడానికి చెయ్యి రాదు. ఇలా ముగిసేవన్నీ మంచివి అని నా లెక్క. అదే సీజన్‌లో ‘టూమ్స్’ అని వాడిదే రెండో కథ ఉంది, అందులో ఎస్కలేటర్ కింద వాడి కథ ముగుస్తుంది, అది చూశాక అత్తయ్య స్పెన్సర్ ప్లాజాలో మెట్లే ఎక్కింది, మోకాళ్ళ నొప్పులున్నా సరే.

తర్వాత ‘ఐస్’ చూడు, అలాస్కా మంచులో తవ్వితే బయటపడ్డ పురుగు మనుషుల ఒంట్లోకి దూరితే ఎవర్ని నమ్మాలో ఎవరికీ తెలియదు. అది చూసి నచ్చకపోతే మాత్రం మీ తమ్ముణ్ణి తిట్టుకో, నన్ను కాదు.

అక్కా, మేము కోరమంగళలో ఉంటాం. మా ఆయన ‘బ్యాడ్ బ్లడ్’ని మించింది లేదంటారు, అదంతా కామెడీ, భయమే లేదు, అది ఎక్స్ ఫైల్సే కాదని నా వాదన. మీరే తీర్పు చెప్పాలి. — బెంగళూరు నుంచి ఒక ఇల్లాలు

తల్లీ, మీరిద్దరూ ఇలా పోట్లాడుకోవడమే ఆ ఎపిసోడ్! అయిదో సీజన్‌లో, 1998లో వచ్చింది, రాసింది విన్స్ గిలిగన్. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు: టెక్సస్‌లో చిన్న ఊరు, ముల్డర్ ఒక పిజ్జా కుర్రాణ్ణి రక్తపిశాచి అని గుండెల్లో మేకు దించేస్తాడు, తీరా చూస్తే కోరలు ప్లాస్టిక్‌వి. ఇప్పుడు పై ఆఫీసర్‌కి ఏం చెప్పాలి? రిపోర్టుకి ముందు ఇద్దరూ కూర్చుని జరిగింది ఎవరి వెర్షన్ వాళ్ళు చెబుతారు. స్కల్లీ చెబితే ఆ ఊరి షెరిఫ్ సినిమా హీరోలా ఉంటాడు, ముల్డర్ చెబితే అదే షెరిఫ్‌కి పళ్ళు ఎత్తుగా ముందుకొచ్చి ఉంటాయి. ఆవిడ కథలో ఈయన నోటి దురుసు మనిషి, ఈయన కథలో ఆవిడ ఎప్పుడూ సణుగుతుంటుంది. రాత్రంతా పోస్టుమార్టంలు చేసి అలిసిపోయి ఆవిడ తెప్పించుకున్న పిజ్జా ఈయన తినేస్తాడు చూడండి, పెళ్ళయి పదేళ్ళయినవాళ్ళకి అది హారరే.

భయం లేదన్నారు. మందు కలిపిన పిజ్జా తిని ముల్డర్ కదల్లేక పడి ఉంటే పిశాచి మీదకొస్తుంది, ఈయన చేతికందిన పొద్దుతిరుగుడు గింజలు నేల మీద చల్లుతాడు, పాత నమ్మకం ప్రకారం పిశాచి గింజలు చల్లితే ఏరకుండా ఉండలేదట, వాడు విసుక్కుంటూనే వంగి ఏరతాడు. నవ్వొస్తుంది, కరెక్టే. కానీ దాని చివర్లో కూడా రిపోర్టులో రాయడానికి ఏమీ మిగలదు గమనించారా, వాళ్ళుండే ట్రైలర్ల పార్కంతా రాత్రికి రాత్రి ఖాళీ. కాబట్టి అది ముమ్మాటికీ ఎక్స్ ఫైల్సే, తీర్పు మీ ఆయన వైపు. అయితే “మించింది లేదు” అన్న ముక్క మాత్రం కొట్టేస్తున్నా, దాని సంగతి చివర్లో.

మా అమ్మానాన్న ఊరినుంచి వచ్చారు, ‘హోమ్’ ఎపిసోడ్ చాలా ఫేమస్ అంటున్నారు, అందరం కలిసి చూడొచ్చా? — వలసరవాక్కం కుర్రాడు

వద్దు నాయనా. 1996లో అది వేసినప్పుడు ముందు హెచ్చరిక వేయాల్సి వచ్చింది, ఎక్స్ ఫైల్స్‌లో అలా వేయడం అదే మొదలు. బాగా తీశారు, కాదనను, కానీ అమ్మ పక్కన కూర్చుని చూసేది కాదు. ఎందుకో నన్ను అడక్కు. దాని బదులు మూడో సీజన్‌లో బొద్దింకల ఎపిసోడ్ ఉంది, ‘వార్ ఆఫ్ ది కాప్రొఫేజెస్’, అది పెట్టు. మధ్యలో ఒక బొద్దింక మన టీవీ అద్దం మీదే పాకుతున్నట్టు వెళ్తుంది, సీన్‌కి సంబంధం లేదు, ఊరికే మనల్ని ఆడించడానికి. మా ఇంట్లో అత్తయ్య చీపురు తీసుకుని లేచింది. మెడ్రాసులో బొద్దింకని చూసి ఎవరైనా అది టీవీలోదనుకుంటారా చెప్పు!

బ్రేకింగ్ బ్యాడ్ సీరియల్ హీరో ఎక్స్ ఫైల్స్‌లో చేశాడంట నిజమేనా అక్కా? — గిండీ ఇంజినీరింగ్ స్టూడెంట్

నిజం. ఆరో సీజన్‌లో ‘డ్రైవ్’, 1998 నవంబర్. బ్రయన్ క్రాన్‌స్టన్ అందులో క్రంప్ అనే మనిషి, చెవిలో ఒత్తిడి పెరిగి తల పగిలిపోయే జబ్బు, ఆగితే చస్తాడు, అదీ పడమర దిక్కుకే వెళ్తుండాలి. ముల్డర్‌ని కారులో కుదేసి తోలమంటాడు. క్రంప్ ఇంటి దగ్గర నేవీ వాళ్ళు ఏదో తరంగాల ప్రయోగం చేస్తే దాని వల్ల వచ్చిందని తర్వాత తేలుతుంది. మొదటి అయిదు సీజన్లు కెనడాలో వాంకూవర్ వానల్లో తీసి ఈ సీజన్‌కి లాస్ ఏంజిలిస్ మారారు, ఆ తేడా ఇందులో బాగా తెలుస్తుంది, కనుచూపు మేర ఎండ, ఎడారి, రోడ్డు.

క్రంప్ మంచివాడేం కాదు, నోరు తెరిస్తే యూదుల మీద విషం కక్కుతాడు. అయినా సముద్రం దగ్గరపడేకొద్దీ, అంటే రోడ్డు అయిపోయేకొద్దీ, మనకి లోపల ఏదో అవుతుంది. రాసింది ఇదీ గిలిగనే. పదేళ్ళకి ఆయనే బ్రేకింగ్ బ్యాడ్ తీసినప్పుడు ఛానెల్ వాళ్ళు ఈ కామెడీ నటుడా అని సందేహిస్తే ఈ ఎపిసోడ్ వేసి చూపించాడు, అలా ఒప్పుకున్నారు. మన ఊళ్ళో అయితే కథే వేరు, మనకి సముద్రం తూర్పున, పడమరంటే బెంగళూరు రోడ్డు ఎక్కాలి, పాపం క్రంప్ పూనమల్లి సిగ్నల్ దగ్గరే పోయేవాడు.

స్కల్లీ కళ్ళారా చూస్తుంది, అయినా నమ్మదు. డాక్టరై ఉండి ఇంత మొండితనమా? విసుగొస్తోంది. — అడయార్ పాఠకుడు

సార్, ‘బియాండ్ ది సీ’ చూశారా, మొదటి సీజన్ 13? అందులో తిరగబడుతుంది. స్కల్లీ తండ్రి నేవీలో పెద్ద ఉద్యోగం, హఠాత్తుగా పోతాడు. మరణశిక్ష అమలు కాబోతున్న ఒక హంతకుడు (బ్రాడ్ డూరిఫ్ చేశాడు, ఆ కళ్ళు చూస్తే నిద్రపట్టదు) చచ్చినవాళ్ళు నాతో మాట్లాడతారు అంటాడు. ముల్డర్ నమ్మడు, స్కల్లీ నమ్మాలనుకుంటుంది. మీ నాన్న ఏం చెప్పాడో చెబుతా, నా చావు చూడ్డానికి రా అంటాడు వాడు. ఆవిడ వెళ్ళదు. ఎందుకు వెళ్ళలేదని ముల్డర్ అడిగితే, ఆయన మా నాన్న, ఏం చెప్పి ఉంటాడో నాకు తెలుసు అంటుంది. మొండితనం కాదండీ, నమ్మితే ఏమవుతుందో అని భయం.

ఇవన్నీ మన బేతాళ కథల కాపీలే కదా మేడం. — టీ నగర్ రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి

కాపీ అంటే ఒప్పుకోను గానీ అసలు మాట మీరు పట్టుకున్నారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఈ ఊళ్ళోనే చందమామ మొదలుపెట్టారు, అందులో బేతాళ కథ నెలకొకటి. పాతకాలం నుంచి వచ్చినవి ఇరవై అయిదే, అవి అయిపోయినా చట్రం వదల్లేదు, కొత్త కథలు అల్లుకుంటూ పోయారు. శంకర్ గారి బొమ్మ గుర్తుందా, కత్తి పట్టుకున్న రాజు, భుజాన శవం? 2020లో పోయారాయన, ఈ ఊళ్ళోనే. ఇప్పుడు చూడండి, విక్రమార్కుడు చెట్టు దగ్గరికి వెళ్తాడు, శవాన్ని దించుతాడు, ఒక కథ వింటాడు, ప్రశ్నకి సరైన జవాబే చెబుతాడు, చెప్పాడు కాబట్టే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ముల్డర్ సంగతీ అంతేగా, కేసు విప్పుతాడు, చేతికి రుజువు మిగలదు, మళ్ళీ బేస్‌మెంటు. ఆ సాధువు రాజుని ఎందుకు పంపాడు, చివరికి ఏమైంది అన్నది మనలో ఎంతమందికి పట్టింది? నెలకో కథ కోసం చదివాం. కుట్ర కథ వదిలేసి విడి ఎపిసోడ్లు చూడమని నేననేది అందుకే.

ఇంతకీ మీకు అన్నిటికన్నా నచ్చింది ఏది అక్కా? — చాలామంది

‘క్లైడ్ బ్రక్‌మన్స్ ఫైనల్ రిపోజ్’. మూడో సీజన్ నాలుగోది, 1995 అక్టోబర్. రాసింది డారిన్ మోర్గన్, ఆ బొద్దింకలదీ ఈయనదే. అంతకుముందు రెండో సీజన్‌లో డ్రైనేజీలో తిరిగే పురుగుమనిషి వేషంలో రబ్బరు సూటు లోపల ఉన్నదీ ఈయనే, తర్వాత పెన్ను పట్టాడు. దీనికి ఆయనకీ, బ్రక్‌మన్‌గా చేసిన పీటర్ బాయిల్‌కీ ఎమ్మీ అవార్డులొచ్చాయి.

బ్రక్‌మన్ ఇన్సూరెన్స్ ఏజెంటు. ఎవర్ని చూసినా వాళ్ళెలా చస్తారో తెలిసిపోతుంది, అదొక్కటే తెలుస్తుంది, లాటరీ నంబరు తెలీదు. 1959లో ఒక విమానం కూలి పాటగాళ్ళు పోయారు, అందులో ఫలానా ఆయన ఆ విమానమే ఎందుకెక్కాడు అని ఆలోచించీ ఆలోచించీ ఈయనకి ఇది పట్టుకుంది. పాలసీ అమ్మడానికి వెళ్ళి ఒక కుర్రాడికి, నువ్వు రెండేళ్ళలో ఫలానా రోడ్డు మీద ఫలానా రంగు కారు గుద్ది పోతావు అని చెప్పేస్తాడు, ఎవడు కొంటాడు? జోస్యగాళ్ళని చంపుతున్న హంతకుడొకడు నేనెందుకిలా చేస్తున్నానని ఈయన్ని అడిగితే, ఎందుకంటే నువ్వు మనుషుల్ని చంపే పిచ్చాడివి కాబట్టి అంటాడు, అంతకన్నా లోతేం లేదు. ఇంత నవ్వించి చివర్లో ఆ ముసలాయన్ని ఎక్కడికి తీసుకెళ్తారో చెప్పను, మీరే చూడండి, గట్టి మనసున్నప్పుడు చూడండి.

నేనూ అత్తయ్యా చూసినరోజు వాన, గచ్చు మీద చాప, పల్లీలు. హోటల్ గదిలో బ్రక్‌మనూ స్కల్లీ పేకాడుతుంటారు. మొదటినుంచీ అడగనే కూడదనుకున్న ప్రశ్న ఆవిడ అడిగేస్తుంది, సరే, నేనెలా చస్తాను అని. ఆయన ఆవిణ్ణి చూసి రెండే మాటలంటాడు. నువ్వు చావవు. దీని మీద అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు, ఆరో సీజన్‌లో చావు రాని ఫోటోగ్రాఫర్ కథ ‘టిథోనస్’తో ముడిపెట్టి అందుకే అలా అన్నాడంటారు కొందరు. కాదు, ఒంటరి ముసలాడు ఒక మంచిపిల్లకి చెప్పిన తియ్యటి అబద్ధం అని నేనంటాను.

“ఏమన్నాడే?” అంది అత్తయ్య. నువ్వు చావవు అన్నాడు అత్తయ్యా అన్నాను. పల్లీ పొట్టు ఊదుకుంటూ కాసేపు ఆలోచించింది.

“అయితే ఆ పిల్లకి కూడా పాలసీ అమ్మలేడు, పాపం.”