మ్యాప్ చూసి జింకలు నడిచే చోటు పట్టుకోవడం ఎలా? పెన్సిల్వేనియా వెళ్తున్న గుంటూరు కుర్రాడికి జవాబు

మీరు అడిగింది ఇదీ. ఉద్యోగం పెన్సిల్వేనియాలో, ఆఫీసు వాళ్ళు ఈ సీజన్‌లో డీర్ హంటింగ్‌కి రమ్మంటున్నారు, తెలిసినవాళ్ళ పొలాలేమీ లేవు కాబట్టి పబ్లిక్ ల్యాండే, అంటే ఎవరైనా వేటాడుకోగల ప్రభుత్వ భూమే దిక్కు. ఇప్పుడు సెలవు మీద గుంటూరు వచ్చి ల్యాప్‌టాప్‌లో మ్యాప్ తెరిస్తే అంతా పచ్చరంగు మీద గోధుమరంగు గీతలే. అందులోంచి ఎక్కడ కూర్చోవాలో ఎలా తేల్చుకోవాలి అని.

నేను ఉండేది విజయవాడ భవానీపురంలో. అంతకుముందు చాలా ఏళ్ళు పెన్సిల్వేనియా మధ్యభాగంలో, స్టేట్ కాలేజ్ ఊరి దగ్గర పనిచేశాను. వేట నేర్చుకున్నదీ ఆ కొండల్లోనే. అందుకని ఆ ప్రాంతం గురించే చెప్తాను, టెక్సాస్‌లోనో మిన్నెసోటాలోనో ఇదంతా ఇలాగే ఉండదు.

ముందే ఒక మాట, ఇది చదివే మిగతావాళ్ళ కోసం కూడా. మన దేశంలో జింకని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చుక్కల దుప్పి, కణుజు, కృష్ణజింక ఏదైనా సరే. ఇక్కడ చూడాలనిపిస్తే శ్రీశైలం వైపు తుమ్మలబయలు దగ్గర అటవీశాఖ వాళ్ళ సఫారీ ఉంది, కెమెరాతో వెళ్ళండి. నేను కింద కొండవీడు పేరు ఎత్తేది మ్యాప్ చదవడం ప్రాక్టీస్ చెయ్యడానికి మాత్రమే.

ఇక విషయానికొద్దాం. కొత్తవాళ్ళు మ్యాప్ తెరవగానే జింకలు ఎక్కడుంటాయా అని వెతుకుతారు. అక్కడ అడవి అంతా జింకలే, కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు దొరకదు. జింకకి ఇటు నుంచి అటు పోవడానికి వేరే సుఖమైన దారి లేని చోటు ఏది అని వెతకండి. అలాంటి చోట్లు నాలుగైదు దొరుకుతాయి. వాటిలో ఆ రోజు ఎక్కడ కూర్చోవాలో గాలి చెప్తుంది. నాకు తెలిసిన విద్య మొత్తం ఇంతే, మిగతాదంతా ఈ రెండింటి వివరం.

కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే ఆ గోధుమరంగు గీతలు, చదవడం ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 టోపోషీట్లు (కొండలూ వాగులూ ఎత్తులతో సహా చూపే మ్యాపులు) ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కొండవీడు ఉన్న షీటు తీసుకుని చూడండి. గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు దగ్గరగా ఉన్నచోట నిటారు వాలు, దూరం జరిగినచోట చదును. గీతలు కొండ పైవైపుకి వి ఆకారంలో గుచ్చుకుపోతే అది వాగు, కిందవైపుకి ఉబ్బితే కొండ నుంచి పక్కకి దిగే ముక్కు. తర్వాత ఒక ఆదివారం కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కి, పైన చెరువు దగ్గర నిలబడి, చేతిలో ఆ షీటు పెట్టుకుని చుట్టూ చూడండి. కాగితం మీది గీత ఏ వాలు అన్నది కళ్ళకి ఒక్కసారి అలవాటైతే ఇక మర్చిపోరు.

అమెరికా మ్యాప్‌కి మారేటప్పుడు ఒక తేడా గుర్తుపెట్టుకోండి, దీని దగ్గర చాలామంది పొరబడతారు. మన షీటులో రెండు గీతల మధ్య ఎత్తు మామూలుగా 20 మీటర్లు. అక్కడి యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు 1:24,000, పెన్సిల్వేనియా కొండల్లో గీతకీ గీతకీ మధ్య సాధారణంగా 20 అడుగులు, అంటే ఆరు మీటర్లు. స్కేలు కూడా వేరే, మన షీటులో ఒక సెంటీమీటరు అంటే అర కిలోమీటరు, అక్కడ 240 మీటర్లు. అందుకే ఇక్కడి కంటితో అక్కడి మ్యాప్ చూస్తే ప్రతి గుట్టా హిమాలయంలా కనిపిస్తుంది. మంచి సంగతేంటంటే, మన షీటులో అసలు కనపడకుండా పోయే చిన్న చిన్న మెట్లు అక్కడి మ్యాప్‌లో దొరుకుతాయి, జింకలు వాడేది సరిగ్గా వాటినే.

మధ్య పెన్సిల్వేనియా కొండలు పొడుగ్గా, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా, నైరుతి నుంచి ఈశాన్యానికి మైళ్ళ తరబడి సాగుతాయి. మధ్యలో లోయలు, లోయల్లో పొలాలు. అక్కడక్కడా నది కొండని కోసుకుని బయటికొస్తుంది. మన ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య కృష్ణ ఎలా దూరిందో, ప్రకాశం బ్యారేజీ అక్కడే ఎందుకు కట్టారో చూస్తే ఆ ఆకారం మీకు వెంటనే అర్థమవుతుంది. రోడ్డూ రైలూ నీళ్ళూ అన్నీ ఆ సందులోంచే పోవాలి. జింకకి కూడా అలాంటి సందులు ఉంటాయి, కాకపోతే అవి ఇంకా చిన్నవి, అడవి లోపల ఉంటాయి.

వాటిలో మొదటిది కనుమ. కొండ వెన్ను పొడుగునా పోతూ పోతూ ఒకచోట కాస్త కిందికి వంగి మళ్ళీ లేస్తుంది. మ్యాప్‌లో రెండు వైపులా మూసుకున్న గీతలు, మధ్యలో పల్లం. ఈ లోయలోంచి ఆ లోయకి దాటే జింక శిఖరం ఎక్కి దిగదు, ఆ వంపులోంచి దాటుతుంది. నేను ఎక్కువగా కూర్చున్న చోటు అలాంటిదే. మ్యాప్‌లో చూస్తే వెన్ను కేవలం మూడు గీతలు దిగుతుంది, అంటే అరవై అడుగులు, కారులో పోయేవాడి కంటికి ఆనదు. దగ్గరికెళ్తే ఎండిన ఓక్ ఆకుల మధ్య జానెడు వెడల్పున ఆకులు నలిగి మట్టి తేలిన బాట, దాని పక్కన నా మణికట్టంత లావున్న మేపుల్ మొక్క, మోకాలి ఎత్తు నుంచి నడుము దాకా బెరడు ఊడిపోయి లోపలి తెల్ల చెక్క బయటపడి ఉంది. మగజింక కొమ్ములు రాసిన గుర్తు అది. వేలితో తాకితే ఇంకా తడిగా, జిగటగా ఉంది, అంటే కొత్తది. ఆ బాటా ఆ చెట్టూ ఏ యాప్‌లోనూ ఉండవు, కానీ ఆ రెండిటి దగ్గరికీ నన్ను తీసుకెళ్ళింది ఆ మూడు గీతలే.

రెండోది వాలు మధ్యలో మెట్టు. నిటారుగా దిగే కొండ ఒకచోట కొంతమేర చదునై మళ్ళీ దిగుతుంది, మ్యాప్‌లో దగ్గరదగ్గరగా ఉన్న గీతలు ఒక్కసారి విడిపోయి మళ్ళీ దగ్గరవుతాయి. కొండ పొడుగునా తిరిగే జింకలు ఆ చదును పట్టుకుని నడుస్తాయి. మూడోది వాగు తలలు. రెండు మూడు వాగులు వెన్ను దగ్గర మొదలయ్యేచోట కింద కోతలు లోతుగా ఉంటాయి, వాటిలో దిగి ఎక్కడం ఇష్టంలేని జింక పైకొచ్చి తలల మీదుగా చుట్టుకుపోతుంది. మెట్టూ వాగుతలా ఒకేచోట కలిశాయంటే అక్కడ మ్యాప్‌లో తప్పకుండా పిన్ (గుర్తు) పెట్టుకోండి.

గాలి గురించి ఎంత చెప్పినా తక్కువే. జింక కంటిని మాయ చెయ్యొచ్చు, ముక్కుని చెయ్యలేం. అక్కడ గాలి ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచి వీస్తుంది, అందుకే పగలు జింకలు కొండకి అవతలి పక్క, గాలి మరుగున, వెన్నుకి కాస్త దిగువన పడుకుంటాయి. వెనక నుంచి వచ్చే వాసన గాలి మోసుకొస్తుంది, ముందువైపు దిగువంతా కళ్ళతో చూసుకుంటాయి. దీనికి తోడు కొండగాలి ఒకటుంది. పొద్దెక్కేకొద్దీ వాలు వేడెక్కి గాలి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడి కిందికి జారుతుంది. ఫోన్‌లో వెదర్ యాప్ చూసి వాయవ్యం గాలి అని నమ్మి వాలు మీద కూర్చుంటే, సాయంత్రం మీ వాసన తిన్నగా వాగులోకి జారిపోతుంది, కింద నుంచి వచ్చే జింక మీకు కనపడకముందే వెనక్కి తిరుగుతుంది.

దీనికి అక్కడి వేటగాళ్ళు మిల్క్‌వీడ్ అనే మొక్క గింజల దూది వాడతారు, అది మన జిల్లేడు కుటుంబమే. ఒక్కో పోగు వదిలితే గాలిలో తేలుతూ వంద గజాల దాకా ఎటు పోతుందో కనిపిస్తుంది, గాలి చూడటానికి కొందరు చల్లే పౌడర్ సీసాతో అంత దూరం తెలియదు. మీరు ఇక్కడే మొదలుపెట్టండి. ఏ రోడ్డు పక్కనైనా పగిలిన జిల్లేడు కాయ తీసుకుని, పొద్దున్నే మంగళగిరి పానకాల స్వామి మెట్ల మీద ఒకసారి, అదే చోట పొద్దుగుంకేటప్పుడు ఒకసారి దూది వదిలి చూడండి. పోగు నేరుగా పోదు, బండ దగ్గర సుడి తిరుగుతుంది, మలుపు దగ్గర వెనక్కొస్తుంది. మ్యాప్‌లో ఎంత మంచి చోటైనా గాలి సుడి తిరిగే గిన్నెలాంటి పల్లం అయితే నేను వదిలేస్తాను.

ఆ తర్వాత శాటిలైట్ ఫోటో. తిండి, దాక్కునే పొద, ఈ రెండూ ఎక్కడున్నాయో చూడాలి. చెట్లు కొట్టేసిన కొన్నేళ్ళకి లేత మొక్కలు దట్టంగా లేచిన జాగా, పొలం అంచు అడవిలోకి చొచ్చుకొచ్చిన మూల, చలికాలపు ఫోటోలో కూడా పచ్చగా కనిపించే మౌంటెన్ లారెల్ పొదలు. చెట్లలో ఓక్ ముఖ్యం, అందులోనూ వైట్ ఓక్ కాయలకి వగరు తక్కువ, జింకలు ముందు వాటికే వస్తాయి. ఆకు అంచులు గుండ్రంగా ఉంటే వైట్ ఓక్, ముళ్ళలా మొనతేలి ఉంటే రెడ్ ఓక్. ఇది మాత్రం కాళ్ళతో వెళ్ళి చూసుకోవాల్సిందే.

మీరు లోపలికి వెళ్ళే దారి కూడా చోటంత ముఖ్యం, చాలామంది దీన్ని ఆఖర్న ఆలోచిస్తారు. జింకలు రాత్రంతా లోయలో మేసి తెల్లారేసరికి పైకొస్తాయి, మీరు చీకట్లో అదే పొలం గట్టు మీదుగా టార్చి వేసుకుని నడిస్తే వాటిని మీరే తోలేసినట్టు. వాగు వెంబడి, నీళ్ళ చప్పుడులో, గాలికి ఎదురుగా పోయే దారి ముందే గీసుకోండి. రైఫిల్ సీజన్ అక్కడ థ్యాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం పండగ) తర్వాత వచ్చే శనివారం మొదలవుతుంది, ఆ రోజు ప్రతి పార్కింగ్ స్థలమూ నిండిపోతుంది. మ్యాప్‌లో పార్కింగులన్నీ గుర్తుపెట్టి, ఒక్కోదాని నుంచి జనం ఎటు నడుస్తారో ఊహించండి. ఎక్కువమంది సుఖమైన బాట వదిలి దూరం పోరు. వాళ్ళ అలజడికి జింకలు ఏ కనుమలోంచి తప్పించుకుంటాయో అక్కడికి మీరు తెల్లారక ముందే చేరుకుని ఉండాలి.

చట్టం సంగతులు, ఇవి అస్సలు తేలిగ్గా తీసుకోవద్దండీ. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటేనే మినహాయింపు. స్నేహితుడి తుపాకీ పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది, లైసెన్స్ గడువు తీరితే మినహాయింపూ పోతుంది. ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి మరీ దిగండి. మొదటిసారి లైసెన్స్ తీసుకునేవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. రైఫిల్ సీజన్‌లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల ఆరెంజ్ రంగు నాలుగువైపుల నుంచీ కనపడాలి. మనుషులుండే ఇంటికి 150 గజాల లోపు, వాళ్ళ అనుమతి లేకుండా తుపాకీతో వేట కుదరదు. చెట్ల మీద ఊదారంగు పెయింట్ గీతలు కనిపిస్తే అది ప్రైవేటు భూమి, అడుగు పెట్టొద్దని హెచ్చరిక. స్థలాల హద్దులకి ఆన్‌ఎక్స్ యాప్ బాగుంటుంది, అయినా సరిహద్దు పక్కనే కూర్చోకండి, దెబ్బ తిన్న జింక గీత చూసుకుని ఆగదు.

ఇంకోటి, పిన్ పెట్టేముందు తిరుగుదారి కూడా లెక్కేసుకోండి. వాగు అడుగున పడ్డ జింకని నిటారు వాలు మీద పైకి లాగడం ఇద్దరు మగాళ్ళకి కూడా గంటల పని. నేను ఎప్పుడూ కారు కన్నా ఎత్తులో ఉన్న చోట్లే ముందు చూస్తాను, లాగేటప్పుడు దిగుడు మనకి సాయం చేస్తుంది. పడిన వెంటనే, కదిలించకముందే లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ (చీటీ) రాసి కట్టాలి, పది రోజుల్లోపు వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర శాఖ అయిన గేమ్ కమిషన్‌కి రిపోర్ట్ చెయ్యాలి. మీరు వెళ్ళబోయేది ఏ స్టేట్ గేమ్ ల్యాండో (ఆ కమిషన్ వేట భూమి), ఆఫీసు వాళ్ళు ఎక్కడ కారు ఆపుతామన్నారో కామెంట్‌లో రాయండి, ఆ షీటు తెరిచి నాకు కనిపించిన కనుమలు ఏవో చెప్తాను.