తేదీ ఒక రోజు వెనక్కి ఎందుకు పోతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వెబ్‌పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్టులో తేదీలతో పడే అవస్థల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలు ఒక కట్టగా పోగయ్యాయి. రాసినవారిలో ఎక్కువమంది వాడుతున్నది డే జేఎస్ లైబ్రరీ, అంటే తేదీల పనుల కోసం ముందే రాసిపెట్టిన కోడ్. 2011లో వచ్చిన మొమెంట్ లైబ్రరీ పద్ధతినే అనుసరిస్తూ, దానికి తేలికైన ప్రత్యామ్నాయంగా ఇది 2018లో వెలువడింది. కుదించిన రూపంలో సుమారు 2 కిలోబైట్లే ఉంటుంది కనుక చాలా సదుపాయాలను ప్లగిన్లుగా, అంటే అదనపు ముక్కలుగా, విడిగా జత చేసుకోవలసి వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే కింది ప్రశ్నల్లో కొన్ని సులువుగానే విడిపోతాయి.

ప్రశ్న: రోగుల నమోదు ఫారంలో పుట్టిన తేదీ 15 ఆగస్టు 1990 అని ఎంచుకుంటే, డేటాబేసులో 14 ఆగస్టు 1990, 18:30 అని నమోదవుతోంది. ఇది లైబ్రరీలోని బగ్గేనా? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: ఆ 18:30 అన్న అంకెను ఒకసారి తేరిపార చూడండి. మన దేశపు సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు నడుస్తుంది కాబట్టి, విజయవాడలో 15వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి వేళకు యూటీసీ గడియారంలో ఇంకా 14వ తేదీ సాయంత్రం 6:30 మాత్రమే అవుతుంది. మీ క్యాలెండరు పెట్టె 15వ తేదీ 00:00 గంటలను స్థానిక సమయంగా అందించింది. దాన్ని సర్వరుకు పంపేటప్పుడు జేసన్ అనే పాఠ్య రూపంలోకి మార్చే ప్రక్రియ యూటీసీలోకి తిప్పింది. రెండూ తమకు చెప్పిన పనిని సరిగానే చేశాయి. పొరపాటల్లా పుట్టినరోజును ఒక క్షణంగా భావించడంలో ఉంది.

జావాస్క్రిప్టులోని డేట్ అనేది 1970 జనవరి 1, యూటీసీ అర్ధరాత్రి నుంచి లెక్కించిన మిల్లీసెకన్ల సంఖ్య తప్ప మరొకటి కాదు. 'ఏ ఊరి నుంచి చూసినా ఇది 15వ తేదీయే' అని చెప్పడానికి ఆ సంఖ్యలో చోటు లేదు. పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, సెలవు తేదీ వంటివాటికి గంటలూ నిమిషాలూ ఉండవు. వాటిని సంవత్సరం, నెల, రోజు వరుసలో '1990-08-15' అనే అక్షరమాలగా (స్ట్రింగ్‌గా) పంపి, డేటాబేసులో సమయం లేని తేదీ నిలువు వరుసలో దాచుకోండి. చాలాచోట్ల దీనికి విరుగుడుగా సర్వరులో 5:30 గంటలు కలుపుతుంటారు. రేపు సర్వరు మరో టైమ్‌జోనుకు మారినా, ఫారం నింపేవారు వేరే దేశంలో కూర్చున్నా ఆ అతుకు ఊడిపోతుంది.

ఇదే వ్యవహారానికి రెండో ముఖం కూడా ఉంది. '1990-08-15' అన్న అక్షరమాలను జావాస్క్రిప్టు సొంత డేట్‌కు ఇస్తే అది యూటీసీ అర్ధరాత్రిగా చదువుకుంటుంది. అందువల్ల డల్లాస్‌లో కూర్చున్నవారికి 14వ తేదీ రాత్రి 7 గంటలుగా కనిపిస్తుంది. అదే అక్షరమాలను డే జేఎస్‌కు నేరుగా ఇస్తే స్థానిక అర్ధరాత్రిగా చదువుకుంటుంది. ఒకే ప్రాజెక్టులో ఒకరు డేట్ ద్వారా, మరొకరు డే జేఎస్ ద్వారా చదివిస్తే తలెత్తే గందరగోళాన్ని భారతదేశంలో పరీక్షించేవారు పట్టుకోలేరు. ఇక్కడ యూటీసీ అర్ధరాత్రి అంటే అదే తేదీ ఉదయం 5:30 కాబట్టి తేదీ చెక్కుచెదరదు.

ప్రశ్న: రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉన్న ఎక్సెల్ పట్టికను చదివిస్తున్నాను. ఫార్మాట్ కూడా స్పష్టంగా ఇచ్చాను. అయినా 05-03-2024 మే నెలకు పోతోంది, 25-03-2024 మాత్రం 'ఇన్వాలిడ్ డేట్' అంటోంది. (కరీంనగర్)

జవాబు: మీరు ఇచ్చిన ఫార్మాట్‌ను డే జేఎస్ అసలు చూడనే లేదు. ఫార్మాట్ ప్రకారం చదివే పని 'కస్టమ్ పార్స్ ఫార్మాట్' అనే ప్లగిన్‌ది. దాన్ని జత చేయకపోతే లైబ్రరీ ఫిర్యాదు చేయకుండా ఆ అక్షరమాలను బ్రౌజరుకే అప్పగిస్తుంది, బ్రౌజరేమో అమెరికా అలవాటు ప్రకారం మొదటి అంకెను నెల అనుకుంటుంది. నెలలు 12 కంటే ఎక్కువ ఉండవు కాబట్టి 13వ తేదీ నుంచి మొరాయిస్తుంది. మొరాయించిన వరుసలు మేలే, కనీసం కంటికి కనిపిస్తాయి. నెలలోని మొదటి 12 రోజుల వరుసలు నోరెత్తకుండా తారుమారై కూర్చున్నాయి. వాటిని మూల పట్టిక నుంచి మళ్లీ చదివించక తప్పదు. ఫార్మాట్ ఇచ్చినప్పుడు ప్లగిన్ లేకపోతే కనీసం ఒక హెచ్చరికైనా చూపాలన్న కోరిక నా దృష్టిలో పూర్తిగా న్యాయమైనది.

ప్లగిన్ జత చేశాక ఫార్మాట్ తరువాత 'ట్రూ' అని మరో విలువ ఇవ్వండి. అది లేకపోతే 31-02-2024 వంటి లేని తేదీ కూడా గుట్టుచప్పుడు కాకుండా మార్చి 2గా మారిపోతుంది. ఇస్తే చెల్లని తేదీగా తేలుతుంది. ఇక రెండంకెల సంవత్సరాలు మీ పట్టికలో ఉంటే మరింత జాగ్రత్త అవసరం. 68 వరకు ఉన్న అంకెలను లైబ్రరీ 2000ల కిందా, 69 నుంచి ఉన్నవాటిని 1900ల కిందా లెక్కిస్తుంది కనుక, 65లో పుట్టిన పెద్దాయన 2065లో పుట్టబోయే పిల్లవాడు అవుతాడు.

ప్రశ్న: చిట్టీ వాయిదాల తేదీలు వేసే ప్రోగ్రాం రాశాను. జనవరి 31న మొదలైన చిట్టీకి ఫిబ్రవరి 29, మార్చి 29, ఏప్రిల్ 29 అని వస్తున్నాయి. (గుంటూరు)

జవాబు: 2024 జనవరి 31కి ఒక నెల కలపమంటే ఫిబ్రవరిలో 31వ తేదీ లేదు కాబట్టి డే జేఎస్ ఆ నెల చివరి రోజైన 29 దగ్గర ఆగుతుంది. మీరు ఆ 29కి మరో నెల కలిపారు. అసలు తేదీ 31 అన్న జ్ఞాపకం అప్పటికే పోయింది. ప్రతి వాయిదానూ ముందరి వాయిదా నుంచి కాక మొదటి తేదీ నుంచే లెక్కించండి: మొదటి తేదీకి 1 నెల, 2 నెలలు, 3 నెలలు కలుపుతూ పోతే ఫిబ్రవరి 29, మార్చి 31, ఏప్రిల్ 30 వస్తాయి. లైబ్రరీ లేకుండా డేట్‌లో నెలను మార్చి ఉంటే మరో వింత జరిగేది. అది ఫిబ్రవరి 31ని పొంగించి మార్చి 2 చేస్తుంది, ఫిబ్రవరి వాయిదా మొత్తానికే ఎగిరిపోతుంది. నెలాఖరులో ఏ రోజు చెల్లుతుందన్నది మాత్రం చిట్టీ ఒప్పందం చెప్పాలి, లైబ్రరీ చెప్పలేదు.

ప్రశ్న: మా యాప్‌లో తెలుగు భాషను ఎంచుకుంటే '3 రోజులు క్రితం', '2 గంటలు లో' అని చూపుతోంది. చదువుతుంటే పంటి కింద రాయిలా ఉంది. సరిచేయమని అడగవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: అడగవచ్చు, అడగాలి కూడా. తెలుగు భాషా ఫైలులో లోపం అనువాదంలో కంటే మాటలను అతికించే మూసలో ఉంది. ఇంగ్లీషులో 'మూడు రోజులు' అన్న ముక్కను కదిలించకుండా దాని వెనుక మరో మాట తగిలిస్తే సరిపోతుంది. మన భాషలో ఆ మాట తగలగానే ముందున్న 'రోజులు' కాస్తా 'రోజుల'గా మారాలి. ఫైలులో ఒక చోట 'రోజులు', మరో చోట 'క్రితం' విడివిడిగా రాసి, మధ్యలో ఖాళీ వదిలి అతికించడం వల్ల ఈ ఎగుడుదిగుడు వస్తోంది.

అదృష్టవశాత్తు ఆ ఫైలులో అక్షరమాల ఉండే చోట ఫంక్షన్ కూడా పెట్టుకోవచ్చు. ఆ ఫంక్షన్‌కు లైబ్రరీ సంఖ్యతో పాటు, వెనుక ప్రత్యయం తగలబోతోందా లేదా అన్న సమాచారాన్నీ అందిస్తుంది. ప్రత్యయం లేకపోతే 'రోజులు', ఉంటే 'రోజుల' అని తిరిగి ఇచ్చేలా రాయండి. గంటలు, నిమిషాలు, నెలలు, సంవత్సరాలు, చివరికి 'కొన్ని క్షణాలు' కూడా ఇదే దారి. తరువాత 'లో' ముందున్న ఖాళీని తీసేయండి. అప్పుడు '3 రోజుల క్రితం', '2 గంటలలో' అని వస్తాయి; ఏకవచనంలో 'ఒక నిమిషంలో', 'ఒక నెలలో' అన్నవీ వాటంతటవే కుదురుతాయి. ఇంతకంటే తక్కువ శ్రమ కావాలంటే బ్రౌజరులోనే ఉన్న 'ఇంటిల్ రిలేటివ్ టైమ్ ఫార్మాట్' వాడండి. అది 'రోజుల క్రితం' అనే చెబుతుంది.

ఇదే సందర్భంలో మరో మాట. మొమెంట్ తెలుగు ఫైలు ఉదయం 10 గంటల నుంచే 'మధ్యాహ్నం' అంటుంది. పది ముప్పైకి ముహూర్తం పెట్టుకున్నవారి శుభలేఖలో 'మధ్యాహ్నం 10:30' అని పడితే పెద్దలు ఊరుకుంటారా? తెల్లవారుజామున 3:30ను కూడా అది 'రాత్రి' అనే రాస్తుంది. ఈ సరిహద్దులను మీ ఇష్ట ప్రకారం తిరగరాసుకునే వీలుంది, రాసుకోండి.

ప్రశ్న: హైదరాబాదు బృందంతో వారం వారం సమావేశం జరుపుతాం. నవంబరు రాగానే అందరూ ఒక గంట అటూ ఇటూ అవుతున్నారు. 'ఐఎస్‌టీ' అని రాస్తే అర్థం చేసుకునే సదుపాయం లైబ్రరీలో ఎందుకు లేదు? (డల్లాస్)

జవాబు: ఐఎస్‌టీ అన్న మూడక్షరాలను భారతదేశంతో పాటు ఐర్లాండు, ఇజ్రాయెల్ కూడా తమ సమయానికి వాడుకుంటాయి. ఏది ఎవరిదో లైబ్రరీ ఊహించకపోవడమే మంచిది. 'ఏసియా/కోల్‌కతా', 'అమెరికా/షికాగో' వంటి పూర్తి పేర్లనే వాడండి. డల్లాస్‌కు విడిగా పేరు లేదు, అది షికాగో కిందికే వస్తుంది. కొన్ని బ్రౌజర్లు ఇప్పటికీ 'ఏసియా/కలకత్తా' అని చూపుతాయి. అది పాత పేరే కానీ వేరే టైమ్‌జోను కాదు. అయితే రెండు పేర్లనూ అక్షరాల వారీగా పోల్చి చూసే కోడ్ ఎక్కడైనా ఉంటే అది తప్పక దెబ్బతింటుంది.

ఇక మీ గంట సంగతి. హైదరాబాదులో రాత్రి 8:30 అంటే మీకు వేసవిలో ఉదయం 10 గంటలు, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక 9 గంటలు. భారతదేశం గడియారాలు తిప్పదు. మీరు మొదటి సమావేశాన్ని యూటీసీలో దాచి, దానికి ఏడేసి రోజులు కలుపుతున్నారనుకుంటాను. అలాగైతే హైదరాబాదు సమయం స్థిరంగా ఉండి మీది జరుగుతుంది. ఏ ఊరి గడియారాన్ని పట్టుకుని సమావేశం నడవాలో ముందు మీరూ వారూ తేల్చుకుని, ఆ ఊరి స్థానిక సమయాన్నీ టైమ్‌జోను పేరునూ విడివిడిగా దాచండి. యూటీసీలోకి మార్చడం ప్రతి వారం అప్పటికప్పుడు జరగాలి.

డే జేఎస్ టైమ్‌జోను ప్లగిన్‌లో చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. ఉన్న సమయం మీద 'టీజెడ్' పిలిస్తే అదే క్షణాన్ని మరో ఊరి గడియారంలో చూపుతుంది. లైబ్రరీ పేరు మీద నేరుగా 'టీజెడ్' పిలిచి అక్షరమాలనూ ఊరినీ ఇస్తే, ఆ అక్షరమాల ఆ ఊరి సమయమేనని చదువుకుంటుంది. పేరొకటే కావడం వల్ల మొదటిది రాయవలసిన చోట రెండోది రాస్తే ఫలితం సరిగ్గా పదిన్నర గంటలో, పదకొండున్నర గంటలో తేడాగా వస్తుంది.

ప్రశ్న: డే జేఎస్ నుంచి డేట్ ఎఫ్‌ఎన్‌ఎస్ అనే మరో తేదీల లైబ్రరీకి మారాం. పాత ఫార్మాట్లు ఎర్రర్ ఇస్తున్నాయి. (బెంగళూరు)

జవాబు: డే జేఎస్‌లో పెద్ద వై నాలుగు సార్లు, పెద్ద డీ రెండు సార్లు రాస్తే సంవత్సరం, తేదీ వస్తాయి. డేట్ ఎఫ్‌ఎన్‌ఎస్ రెండో వెర్షన్ నుంచి యూనికోడ్ పద్ధతిని పాటిస్తుంది. అక్కడ వాటికి చిన్న వై, చిన్న డీ వాడాలి. పెద్ద వై అంటే వారాల లెక్కన సంవత్సరం, దాని ప్రకారం 2025 డిసెంబరు 29 అప్పుడే 2026లో పడుతుంది. ఎర్రర్ ఇచ్చి ఆపడం మీకు చేసిన ఉపకారమే. నెలకు పెద్ద ఎమ్, నిమిషానికి చిన్న ఎమ్ అన్నది మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ప్రశ్న: మొమెంట్ వాడుతున్న పాత ప్రాజెక్టును ఇప్పుడు మార్చాలా? (హైదరాబాదు)

జవాబు: బాగా నడుస్తున్నదాన్ని కేవలం ఫ్యాషన్ కోసం మార్చకండి. మొమెంట్ నిర్వాహకులు 2020 సెప్టెంబరులోనే ఇకపై కొత్త సదుపాయాలు చేర్చబోమని ప్రకటించారు కాబట్టి కొత్త పనికి మాత్రం దాన్ని ఎంచుకోవద్దు. మారేటప్పుడు ఒక తేడా గమనించండి: మొమెంట్‌లో రోజులు కలిపితే అసలు తేదీయే మారిపోతుంది, డే జేఎస్‌లో కొత్త తేదీ తయారై పాతది అలాగే ఉంటుంది. ఫలితాన్ని ఏ పేరులోనూ పట్టుకోకుండా వదిలేసిన వరుసలు మీ పాత కోడ్‌లో ఉంటే, మార్పిడి తరువాత అవి ఏమీ చేయవు. భాషలోనే భాగంగా వస్తున్న టెంపొరల్ 2025 మేలో ఫైర్‌ఫాక్స్ 139లో అందుబాటులోకి వచ్చింది. అందులో సమయం లేని తేదీకి ఒక రకం, టైమ్‌జోనుతో కూడిన సమయానికి మరో రకం వేర్వేరుగా ఉన్నాయి. విజయవాడ పాఠకురాలి ఇబ్బంది అక్కడ పుట్టదు. జనవరిని 0వ నెలగా లెక్కించే అలవాటుకు కూడా అందులో స్వస్తి పలికారు. 1995లో జావాస్క్రిప్టు హడావిడిగా రూపొందినప్పుడు జావా నుంచి యథాతథంగా తెచ్చుకున్న అలవాటు అది. జావా మాత్రం ఆ తేదీ విధానంలో చాలా భాగాన్ని 1997లోనే పక్కన పెట్టేసింది.

ప్రశ్న: ఉగాది తేదీని లెక్కించే ప్లగిన్ ఒకటి కావాలి. బ్రౌజరులో 'ఇండియన్' క్యాలెండరు ఉందని విన్నాను. దానితో అవుతుందా? (తిరుపతి)

జవాబు: కాదు. బ్రౌజరులో ఆ పేరుతో ఉన్నది 1957లో ప్రభుత్వం స్వీకరించిన జాతీయ శక క్యాలెండరు. అందులో చైత్రం 1 ఎప్పుడూ మార్చి 22న, లీపు సంవత్సరంలో మార్చి 21న వస్తుంది. అది సూర్యుణ్ని బట్టి నడిచేది. మన ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే చంద్రుణ్ని బట్టి వచ్చేది. 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. తిథిని నిర్ణయించడానికి సూర్యచంద్రుల స్థానాలతో పాటు ఆ ఊరి సూర్యోదయ సమయమూ కావాలి. అధిక మాసాల లెక్క అదనం. ఇవన్నీ 2 కిలోబైట్ల లైబ్రరీలో ఇమడవు, ఇమిడించినా మీ ఇంటి పంచాంగానికీ దానికీ ఒక్కో ఏడు పొంతన కుదరకపోవచ్చు. మీరు అనుసరించే పంచాంగం నుంచి రాబోయే సంవత్సరాల పండుగ తేదీలను ఊరి పేరుతో సహా ఒక పట్టికగా రాసుకుని, యాప్ దాన్నే చదివేలా చేయండి. విదేశాల్లో ఉన్న వాడుకరులకు వేరే పట్టిక పెట్టండి; తిథి సూర్యోదయానికి ముందూ వెనుకా అయినప్పుడు వారి పండుగ మన కంటే ఒక రోజు తేడాతో వస్తుంది.