ఆ సింహాన్ని తీసేయి: ఒక కొత్త రచయిత్రికి లేఖ

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ రాతప్రతి అందింది, పూర్తిగా చదివాను. మంగళగిరి నేత కుటుంబంలో అక్కా తమ్ముడూ, గుంటూరు పెద్దాసుపత్రిలో మంచం పట్టిన తండ్రి, ఆయన కోసం కొండ శిఖరాన గండాలయ్యగా కొలిచే నరసింహస్వామికి నెయ్యి దీపం పెట్టాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరిన పిల్లలు. ఈ ఊహ చాలా బలమైనది. మన భాషలో పురాణకథలను పిల్లలకు మళ్లీ చెప్పేవాళ్లు ఉన్నారు, నీతికథలు రాసేవాళ్లు ఉన్నారు. ఇవాళ బడికి వెళ్లే నాలుగో తరగతి, ఆరో తరగతి పిల్లల్ని దేవుడి మీద నమ్మకంతో ఒక ప్రమాదంలోకి నడిపించే నవలలు మాత్రం నాకు అరుదుగా కనిపిస్తాయి. అందుకే నీ ప్రయత్నం మీద నాకింత ఆశ. ఉత్తరం పొడుగైతే ఓపిగ్గా చదువు.

ముందుగా పదకొండో అధ్యాయం. చీకటి పడింది, దారి తప్పారు, తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు, అక్క కళ్లు మూసుకుని స్వామిని తలచుకుంది. రాళ్ల మధ్య నుంచి వెలుగులు చిమ్ముతూ ఒక సింహం వచ్చి వాళ్లను మెట్లదాకా నడిపించింది. ఆ సింహాన్ని తీసేయి.

దేవుడు కథలోకి రాకూడదని నేననడం లేదు. నేను ప్రతి దసరాకీ ఇంద్రకీలాద్రి ఎక్కే మనిషిని. మూలా నక్షత్రం రోజున అమ్మవారిని సరస్వతీదేవిగా చూడటానికి క్యూలో నిలబడతాను. నా అభ్యంతరం వేరు. సింహం వచ్చిన క్షణం నుంచి నీ పిల్లలకు చేయడానికి పనేమీ మిగల్లేదు. పది అధ్యాయాలపాటు వాళ్ల భయాన్నీ మొండితనాన్నీ గుండెకు హత్తుకున్న పాఠకుడు చివరికి సింహం వెనకాల నడవడమే. ఇలాంటి నవలలో భక్తి ఎక్కడ తెలుస్తుందంటే, ఎటూ పాలుపోని చోట ఆ పిల్ల ఏ దారి పట్టిందన్న దగ్గర. ఆ నిర్ణయానికి ఆమె ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడిందన్న దగ్గర. గట్టెక్కడం ఆ తర్వాతి మాట.

నీ కథలో ఉన్నది నరసింహస్వామి కొండ కాబట్టి ప్రహ్లాదుడినే తీసుకో. ఆ కథ అనగానే అందరికీ స్తంభం పగలడమే గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకు ముందూ ఆ తర్వాతా జరిగినవి ముఖ్యం. ముందు, గురువులైన చండామార్కులు పక్కకు వెళ్లిన వేళ తోటి రాక్షస బాలురను కూర్చోబెట్టుకుని తను నమ్మింది చెప్పాడు. తండ్రి చెవిన పడితే ఏమవుతుందో తెలిసే చెప్పాడు. తర్వాత, హిరణ్యకశిపుడు చనిపోయినా స్వామి కోపం చల్లారలేదు. దేవతలు దూరంగా నిలబడిపోయారు. లక్ష్మీదేవి సైతం ఆ ఉగ్రరూపం దగ్గరకు వెళ్లడానికి వెనకాడింది. అప్పుడు వెళ్లింది ఆ పసివాడు. వెళ్లి ఏం కోరుకున్నాడు? తనను అంత హింసపెట్టిన తండ్రి పాపం పోవాలని కోరుకున్నాడు. స్తంభంలోంచి దేవుడు రావడం దేవుడి పని. ఆ కోపం ముందుకు నడిచి వెళ్లడం పిల్లవాడి పని. నవలా రచయితకు కావలసింది ఈ రెండోదే.

గజేంద్రుడి సంగతీ అంతే. మొసలితో వెయ్యేళ్లు పెనుగులాడి, ఒంట్లో సత్తువ పూర్తిగా అడుగంటాక గానీ పిలవలేదు. పిలిచేటప్పుడు కూడా, పిలుస్తున్న దేవుడు అసలు ఉన్నాడో లేడో అన్న అనుమానం అతన్ని వదల్లేదు. మన పెద్దలు ఆ అనుమానాన్ని ప్రార్థనలోంచి తీసేయలేదు. నీ అక్క పాత్ర మాత్రం ఒక్కసారి కూడా అనుమానపడదు. పదకొండేళ్ల పిల్ల, తండ్రి ముక్కుకు గొట్టం పెట్టి ఉండగా చూసి వచ్చిన పిల్ల, ఆ రాత్రి కొండమీద "స్వామికి మేం కనిపిస్తున్నామా?" అని అడగదా? అడగనివ్వు. అడిగినంత మాత్రాన ఆ పిల్ల భక్తి తగ్గదు, చదివే పిల్లలకు ఆమె మీద నమ్మకం పెరుగుతుంది.

ఇక మేకలు కాసే కుర్రాడి గురించి. అతను ముస్లిం కుటుంబం పిల్లవాడని ఒక వాక్యంలో రాశావు. దారి చూపించడానికి ఒకసారి, చివర్లో స్వామి మహిమకు ఆశ్చర్యపోవడానికి ఒకసారి వస్తాడు. ఇది సరికాదు. మన దేవుడి గొప్ప నిరూపించడానికి పక్కవాడి పిల్లవాణ్ణి సాక్షిగా నిలబెట్టకు. అతనికీ ఒక ఇల్లుంది, అతనికీ ఒక దేవుడున్నాడు, భయం వేస్తే అతనికీ నోట్లో మెదిలే మాట ఒకటుంటుంది. మన ప్రాంతపు పిల్లలు ఇదంతా చూస్తూనే పెరుగుతారు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్లి చూడు, అక్కడ తలనీలాలిచ్చేవాళ్లలో, కొబ్బరికాయలు కొట్టేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ కనిపిస్తారు. రేపు నువ్వు ఒక క్రైస్తవ పిల్ల కథ రాసినా ఇదే మాట చెబుతాను. బైబిల్లో గొర్రెలు కాసే దావీదు మహాకాయుడైన గొల్యాతు మీదికి వెళ్లేముందు సౌలు రాజు ఇచ్చిన కవచం తొడుక్కుని చూశాడు, అలవాటు లేదని విప్పేశాడు, ఏటిలోంచి అయిదు నున్నని రాళ్లు ఏరుకున్నాడు. అంతకుముందే గొర్రెల కోసం సింహంతో, ఎలుగుబంటితో పోరాడినవాడు. దేవుడి మీద నమ్మకమూ వడిసెల పట్టిన చేతి నేర్పూ ఒకే పిల్లవాడిలో ఉన్నాయి. ఏ మతం కథైనా ఆ రెండూ కలిసినచోటే పిల్లలు ఊపిరి బిగబట్టి చదువుతారు.

మేకల కుర్రాడే నీ కథకు తాళంచెవి అని నాకనిపిస్తోంది. అతను రాళ్లలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడనుకో. అక్క చేతిలో నెయ్యి గిన్నె ఉంది. పైకి వెళ్తే దీపం, కిందికి వెళ్తే అతనికి సాయం. మధ్యాహ్నం దాటాక అదే కొండమీది పానకాల స్వామి గుడి మూసేస్తారనీ, రాత్రివేళ దేవతలు వచ్చి పూజ చేసుకుంటారు కాబట్టి మనుషులు ఉండకూడదనీ అక్కడి నమ్మకం నువ్వే రాశావు, రాసి దాన్ని వాడుకోకుండా వదిలేశావు. ఆ పిల్లలకు అది ఎంత పెద్ద భయం! ఉండకూడని వేళలో ఉన్నాం, స్వామికి కోపం వస్తే నాన్నకు ఏమవుతుంది అన్న భయం. చీకటి భయం, పాముల భయం దాని ముందు ఎంత? శిఖరం మీద దీపం వెలిగితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కనిపిస్తుంది కదా. తమ్ముణ్ణి కుర్రాడి దగ్గర కూర్చోబెట్టి అక్క ఒంటరిగా పైకెక్కి దీపం పెట్టిందనుకో. వేళ కాని వేళ కొండకొమ్మున వెలుగు చూసి ఊళ్లో ఎవరో ఒకరు గాభరాపడి పైకి వస్తారు. మొక్కు తీరింది, మనుషులూ వచ్చారు. వాళ్లను పంపింది ఎవరన్నది చదివే పిల్లవాడు తనే అనుకుంటాడు. ఇలాగే రాయమని కాదు. నీ చేతిలో ఉన్న సరుకుతోనే ఎంత చేయవచ్చో చూపిస్తున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా నన్ను కలవరపెట్టిన సంగతి. చివరి పేజీలో దీపం పెట్టిన మర్నాడే తండ్రి లేచి కూర్చుంటాడు, డాక్టర్లు నోళ్లు వెళ్లబెడతారు. అమ్మాయీ, ఈ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో ఒక్కసారి ఊహించు. 2021లో కరోనా రెండో విడతలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు మన బడుల్లో ఉన్నారు. వాళ్లూ దీపాలు పెట్టారు, మొక్కుకున్నారు, మోకరిల్లారు, దువా చేశారు. నీ చివరి పేజీ చదివి ఆ పిల్ల ఏమనుకుంటుంది? నా మొక్కులో ఏం లోపం జరిగిందనుకుంటుంది. నేను సరిగ్గా పిలవలేదు కాబట్టే నాన్న రాలేదనుకుంటుంది. అలాంటి ఆలోచన ఒక పసి మనసులో నాటే హక్కు మనకెవరిచ్చారు? తండ్రిని చంపమని నేను చెప్పడం లేదు. కోలుకోనివ్వు, కాస్త ఆలస్యంగా, మందులతో, నీరసంతో, మగ్గం మీద మళ్లీ ఎప్పుడు కూర్చుంటాడో తెలియని స్థితిలో. దీపానికీ కోలుకోవడానికీ మధ్య లెక్క మాత్రం కట్టకు. ఆ రాత్రి పిల్లలకు దక్కింది వేరే ఉంది. తాము ఒంటరిగా లేమన్న ధైర్యం. తండ్రి మంచం పక్కన కూర్చోవడానికి అది చాలు. తండ్రి దక్కని పిల్ల కూడా ఆ పుస్తకాన్ని కడదాకా చదవగలుగుతుంది.

మరి మహిమలు రాయకూడదా? రాయి. కానీ పానకం ఘట్టం రాసినట్టు రాయి. నీ రాతప్రతిలో నాకు మిక్కిలి నచ్చిన పేజీ అదే. పూజారి శంఖంతో పానకం స్వామి నోట్లో పోస్తుంటే లోపల గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించడం, కొంతసేపటికి ఆ చప్పుడు ఆగిపోవడం, మిగిలిన సగం ప్రసాదంగా చేతికి రావడం, బెల్లం మిరియాలు కలిసిన ఆ ఘాటుకు తమ్ముడు ముక్కు ఎగబీల్చడం. ఇంత బెల్లం ఒలికినా ఇక్కడ చీమలు కనిపించవట అని అక్క అంటే, తమ్ముడు వంగి నేలంతా వెతుకుతాడు. ఇది ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపలి గంధకం చల్లారడానికే బెల్లం నీళ్లు పోసేవారనీ మాస్టారు చెప్పారంటాడు. అక్కడితో ఆపావు. ఇద్దరిలో ఎవరు గెలిచారో చెప్పలేదు. పిల్లలకు ఎంతో గౌరవం ఇచ్చావు. ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా మార్చకు.

దానికి పూర్తిగా ఎదురు, ఆరో అధ్యాయంలో గాలిగోపురం చరిత్ర. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 19వ శతాబ్దం మొదట్లో కట్టించాడని, పదకొండు అంతస్తులని, ఒక పేరా నిండా చెప్పావు. అప్పుడు పిల్లలు మేనమామ కంటపడకుండా పరుగెడుతున్నారు. పరుగెత్తే పిల్లకు రాజుల సంగతి ఎందుకు? కొండ సగం ఎక్కాక తమ్ముడు వెనక్కి తిరిగి గోపురం అంతస్తులు లెక్కపెట్టి, ఎనిమిది దగ్గర తప్పి, మళ్లీ మొదలుపెట్టనీ. అంతస్తులన్నీ పాఠకుడి కళ్లముందుంటాయి. రాజుగారి పేరు చోటు దొరికితే చెప్పు, లేకపోతే మానేయి.

మగ్గం గురించి ఇంకా రాయాలి. తండ్రి నేతగాడని చెప్పావు గానీ ఇంట్లో మగ్గం చప్పుడే లేదు. వానాకాలంలో మగ్గం గుంటలోకి నీళ్లు ఊరితే పని ఆగిపోతుంది, పని ఆగితే ఆ వారం కూలి ఉండదు. పడుగు దారాలు అలాగే బిగిసి ఉంటాయి, చీర నిజాం అంచు సగంలో ఆగిపోయి ఉంటుంది. ఆ సగం చీరను రోజూ చూస్తూ బడికి వెళ్లే పిల్ల కొండ ఎందుకెక్కిందో నువ్వు విడిగా వివరించనక్కర్లేదు.

పిల్లలు ఒంటరిగా బయటపడటం మన ఇళ్లలో అంత తేలిక కాదు, అది నువ్వూ గమనించినట్టున్నావు. ఒంటిపూట బడుల రోజులకు మార్చు. పన్నెండున్నరకి బడి వదులుతారు, ఎండకు పెద్దవాళ్లు తలుపులు మూసుకుని పడుకుంటారు. సాయంత్రం దాకా ఎవరూ వెతకరు. సంచీలో పులిహోర పొట్లం, నీళ్ల సీసా పెట్టించడం మరిచిపోకు. ఈ వయసు పాఠకులు పాత్రలకు ఎప్పుడు ఆకలేసిందో కచ్చితంగా పట్టించుకుంటారు.

భాష విషయంలో ఒక్క మాట. అక్క ప్రార్థనలో "కరుణాసముద్రా, భక్తజనపాలకా" అని రాశావు. ఆ పిల్ల అలా మాట్లాడదు. "స్వామీ, తమ్ముడికి చలేస్తోంది" అంటుంది. స్తోత్రం కావాలంటే నాయనమ్మ నోట పెట్టు, ఆమెకు అది నప్పుతుంది.

పదకొండో అధ్యాయం నుంచి చివరిదాకా తిరగరాయి. రాశాక అచ్చుకు ఇచ్చేముందు మీ వీధిలోని అయిదారుగురు పిల్లలకు పైకి చదివి వినిపించు. ఎక్కడ కదిలారో, ఎక్కడ పక్కవాణ్ణి గిల్లారో పేజీ పక్కన రాసుకో. నచ్చిందా అని అడగకు, మర్యాదకు నచ్చిందనే అంటారు. ఆ గుర్తులున్న ప్రతినే నాకు పంపు, శుభ్రంగా రాసింది వద్దు. బొమ్మలు ఎవరిచేత వేయించాలో, ప్రచురణకర్తతో ఏం మాట్లాడాలో అప్పుడు కూర్చుని చూద్దాం. సంక్రాంతిలోపు పంపగలిగితే మంచిది, వేసవి సెలవులకు పుస్తకం పిల్లల చేతికి వస్తుంది.

నీ శ్రేయోభిలాషి